తల్లి పేరు కాలమ్

ప్రతి వేసవిలో టైల్స్ ఫ్యాక్టరీ వాళ్ళు ఈజిప్టు సముద్రపుటొడ్డున రాస్ ఎల్-బర్ తీరంలో కొన్ని ఫ్లాట్లు అద్దెకు తీసుకుని, సిబ్బంది కుటుంబాలకు వారం చొప్పున ఇస్తారు. "ఈసారైనా సముద్రం చూపించకపోతే నేను మా పుట్టింటికి పోతా" అని షాకిర్ భార్య సఫీనాజ్ పొద్దున్నే ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ గిన్నె ఠక్కున బల్లమీద పెట్టి మరీ చెప్పింది. ఆ ఫ్లాట్లు పంచడానికి డేటాబేస్ కట్టాల్సింది ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చూసే షాకిరే. మధ్యాహ్నానికల్లా టేబుల్ తయారుచేసి, పేర్లు ఎక్కించి, జాబితా అచ్చు తీసి, ఇంటికి పోయి పడుకోవాలని అతని ఆశ. పాపం, ఆశపడటానికేం!

"ఒక తల్లి పిల్లలకి ఒకటే ఫ్లాటు. పోయినేడు అన్నదమ్ములంతా కలిసి అంతస్తంతా మింగేశారు" అన్నాడు మేనేజరు ఫతహల్లా.

షాకిర్ ఆవులిస్తూ డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో టేబుల్ సృష్టించాడు. ఉద్యోగి పేరు, విభాగం, తల్లి పూర్తి పేరు. ఈ చివరి కాలమ్ ఖాళీగా ఉండకూడదు, ఒకసారి వచ్చిన పేరు మళ్ళీ రాకూడదు. పరీక్ష కోసం ముందుగా తన వివరాలే ఎక్కించుకోవడం అతని అలవాటు. అవి ఎక్కాయి. తర్వాత సిబ్బందిని వరసగా పిలిచాడు.

"మీ అమ్మ పేరేంటి?"

స్టోరుకీపరు షవాద్ఫీ మొహం జేవురించింది. "ఇంతమంది మగాళ్ళ ముందు మా అమ్మ పేరు చెప్పాలా? రేపట్నుంచి వీళ్ళు ఆ పేరెట్టి నన్ను ఏడిపించరూ? హవ్వ అని రాసుకో. మనందరి తల్లీ ఆవిడేగా!"

షాకిర్‌కు వాదించే ఓపిక లేదు. రాసేశాడు.

"నాకూ హవ్వే" అన్నాడు డ్రైవరు గౌహరీ. టేబుల్ ఒప్పుకోలేదు, ఆ పేరు ముందే ఉందంది.

"అంటే వీడు నా తమ్ముడా?" అన్నాడు షవాద్ఫీ.

"మా అమ్మ నీలాంటోణ్ణి కనుంటే వీధిలో తలెత్తుకు తిరిగేదా?"

"మా అమ్మనంటావురా?"

ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. వరసలో వాళ్ళు చెరో పక్షం చేరారు. కేకలు విని మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "బుద్ధుందా షాకిర్? నలుగురిలో తల్లి పేర్లు అడుగుతావా? ఖాళీగా వదిలెయ్!"

షాకిర్ ఉసూరుమంటూ ఆ టేబుల్‌ను చెరిపేసి, నియమాలు తీసేసి, మళ్ళీ కట్టాడు. అలవాటు ప్రకారం మొదట తన వివరాలన్నీ, తర్వాత తల్లి పేరు లేకుండా మిగతా అందరివీ ఎక్కించాడు. ఒక తల్లికి ఒక ఫ్లాటు చొప్పున పంచమని కంప్యూటర్‌కు చెప్పాడు. వచ్చిన జాబితాను మేనేజరు చదవకుండానే స్టాంపు కొట్టి గోడకు అంటించాడు.

అందులో ఉన్నవి రెండే ఫ్లాట్లు. దౌలత్ కొడుకు షాకిర్‌కు ఒకటి. పేరు లేని ఒకే తల్లి కన్న మిగతా ఫ్యాక్టరీ మొత్తానికి ఇంకొకటి.

"ఒరే దౌలత్ కొడకా!" అని ఫ్యాక్టరీ అంతా ఒక్కసారిగా అరిచింది. షాకిర్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"స్టాంపు పడింది కాబట్టి నీ ఫ్లాటు నీదే" అన్నాడు మేనేజరు పళ్ళు కొరుకుతూ. "మిగతావాళ్ళకి సరిగ్గా పంచేదాకా నువ్వు మాత్రం కదలడానికి వీల్లేదు."

షాకిర్ ఇల్లు చేరేసరికి పై వాటాలో ఉండే తల్లి సంచీ సర్దేసుకుంది. గౌహరీ వీధంతా చాటింపు వేసిపోయాడు.

"నా పేరు మీద ఇచ్చారటగా నాయనా? నేను లేకుండా ఎలా?"

"వారం రోజులు మీ అమ్మా నేనూ ఒకే గదిలోనా?" అంది సఫీనాజ్.

దారి పొడుగునా పోట్లాడుకోవడానికి సిద్ధపడే అత్తాకోడళ్ళు బస్సెక్కారు. ఆ సాయంత్రం ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే, టేబుల్ పని ఇంకో వారం పడుతుందని షాకిర్ మేనేజరుకు ఫోన్ చేసి చెప్పేశాడు.