దిగువకొట్టాల చెరువులో హైడ్రోప్లేన్ పందెం

ఏడాది తిరిగేలోపల చిన్న ఇంజను హైడ్రోప్లేన్ పడవ పందేలలో కడప జిల్లాను దేశంలోనే మొదటి స్థానంలో నిలబెడతామని మంత్రిగారు ప్రొద్దుటూరు హైస్కూలు మైదానంలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. హైడ్రోప్లేన్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆ మైదానంలో ఒక్కరే ఉన్నారు. ఆయన ఉపన్యాసం ఇస్తున్నారు.

కొత్త రాష్ట్రం ఏర్పడి అప్పటికి మూడేళ్ళు. జిల్లాలో వాన పడక నాలుగేళ్ళు. రైతులకు నీళ్ళు ఎట్లా ఇవ్వాలో చూసి రమ్మని ప్రభుత్వం మంత్రిగారిని పందొమ్మిది రోజులు విదేశాలకు పంపింది. అక్కడి రైతులకు నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి కనుక ఆ పని ఒక్క రోజులో అయిపోయింది. మిగిలిన పద్దెనిమిది రోజులు ఆయన పడవ పందేలు చూశారు.

"ఒక మనిషి! ఒక పలక! ఒక చిన్న ఇంజను! అంతే. మన యువకుడు పడవలో మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఇంజను మోగుతుంది. పడవ నీటిని వదిలి పైకి లేస్తుంది. మన జిల్లా కూడా అట్లే లేస్తుంది!" అన్నారు మంత్రిగారు.

ముందు వరుసలో దిగువకొట్టాల పాలయ్య కూర్చుని ఉన్నాడు. అతను పడవల కోసం రాలేదు. చేతిలో అర్జీ ఉంది. దిగువకొట్టాల కాలువకు చిట్టచివరి ఊరు. కాలువ కాగితం మీద ఆ ఊరి చెరువు దాకా వస్తుంది. నీళ్ళు మాత్రం ఎనిమిదేళ్ళుగా రెండు మైళ్ళ అవతలే ఆగిపోతున్నాయి. ఏడాదికి ఒకటి చొప్పున ఎనిమిది అర్జీలు పెట్టారు. ఇది తొమ్మిదోది. మిషను బడి టీచరు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు.

మంత్రిగారు అర్జీ అందుకుని వేదిక మీదనే చూశారు. అందులో నీళ్ళు అనే మాట ఏడుసార్లు ఉంది. "ఇట్లా ప్రకటించానో లేదో, అప్పుడే స్పందన!" అని మురిసిపోయి, దాని మీద జలక్రీడల విభాగానికి పంపవలెనని రాశారు.

పదో రోజున పాలయ్యకు జవాబు వచ్చింది. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటి జవాబు. జలక్రీడల యందు తాము చూపిన ఆసక్తికి సంతోషిస్తూ తమను ప్రొద్దుటూరు జట్టు డ్రైవరుగా ఎంపిక చేయడమైనదని అందులో ఉంది.

"యోవ్, నువ్వు నీళ్ళడిగితే పడవిచ్చినారా?" అంది భార్య నరసమ్మ.

"పడవ గూడా ఈలేదుమే. తోలేదానికి రమ్మన్నారు."

"ఎద్దులు తోలేవానివి, పడవ యట్ల తోల్తావు?"

"నీళ్ళుంటే తోల్తా. లేకుంటే గమ్మున కూచుంటా."

పాలయ్యకు చెరువుకట్ట కింద ఎకరా ఎర్రగడ్డల పైరు ఉంది. బావి అడుగు కనిపిస్తోంది. పైరుకు ఇప్పుడొక తడి, పక్షం రోజులకు ఇంకొక తడి కావాలి. రెండూ పడితే ఉల్లి గడ్డ ఊరుతుంది. పడకపోతే కాడలు ఎండి మేకలపాలవుతాయి, ఇంటిల్లిపాదీ కూలికి వలస పోవాలి. పాలయ్య బుర్రలో ఈ రెండు తడులు తప్ప ఇంకేమీ లేవు.

జలక్రీడల స్పెషల్ ఆఫీసరు గురురాజారావుగారు ప్రొద్దుటూరు ట్రావెలర్స్ బంగళాలో దిగారు. ఇదివరకు ఆయన గొర్రెల అభివృద్ధి చూశారు. అంతకుముందు అచ్చు కాగితం సరఫరా చూశారు. జన్మలో పడవ ఎక్కలేదు కనుక పడవల విషయంలో ఏ పక్షపాతమూ లేని మనిషి. ఆయన పాలయ్యను దూదిబస్తాల త్రాసులో తూయించారు.

"తొంభై ఆరు పౌండ్లు! ఎక్సలెంట్! హైడ్రోప్లేన్‌కు మనిషి ఎంత తేలికైతే అంత మంచిది. విదేశాల్లో దీనికోసం కడుపులు మాడ్చుకుంటారు. నువ్వెట్లా సాధించావు?"

"కరువు సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేండ్లు."

"అంటే ప్లాను ప్రకారమే జరిగింది" అని ఆయన రాసుకున్నారు. "పందెం మీ ఊరి చెరువులోనే. నేను స్వయంగా చూసివచ్చాను. ఎంత చదునుగా ఉందయ్యా! ఒక్క అడ్డంకి లేదు."

"నీళ్ళు లేవు సార్."

"అదే చెబుతున్నాను. ఒక్క అడ్డంకీ లేదు."

"నీళ్ళు యప్పుడు ఇడుస్తారు సార్?"

గురురాజారావుగారు దయతో నవ్వి, ఒక పుస్తకం తెరిచి బొమ్మ చూపించారు. "ఇరవై మైళ్ళ స్పీడులో పడవ నీటికి బెత్తెడు తగులుతుంది. ముప్ఫైలో రెండు వేళ్ళు. అరవైలో దాదాపు తగలదు. కాబట్టి టెక్నికల్‌గా నీళ్ళు బిగినర్స్‌కే. మనం నేరుగా అరవైతో మొదలుపెడుతున్నాం. గవర్నమెంటుకు నీళ్ళు ఆదా."

పాలయ్య పుస్తకం దగ్గరికి లాక్కుని బొమ్మ చూశాడు.

"మొదట యవరు కూచుంటారు సార్?"

"మొదట అంటే?"

"మా పక్క కొత్త బండి చేపిస్తే, టెంకాయ కొట్టి, పెద్దమనిషిని కూచోబెట్టి ఒక చుట్టు తిప్పుతాం. ఆనెంకనే బరువు ఏస్తాం."

"బ్యూటిఫుల్! మంత్రిగారే కూర్చుంటారు. ప్రోగ్రాంలో వేసుకుంటున్నాను."

"ఆయప్పను అరవైతోనే తోలల్లనా సార్?"

గురురాజారావుగారి కలం ఆగింది.

"పడితే కింద గులకరాళ్ళు సార్. మాకు అలవాటే. ఆయప్పకు..."

గురురాజారావుగారు లేచి టెలిఫోను ఉన్న గదిలోకి పోయారు. ఎనిమిదేళ్ళు ఎనిమిది అర్జీలకు కదలని నీళ్ళు మూడోరోజు తెల్లవారేసరికి దిగువకొట్టాల చెరువులో నడుంలోతు నిలిచాయి.

నీళ్ళతోబాటు వాటికి కాపలాగా కాలువ లస్కరు బాలసుబ్బయ్య కూడా వచ్చాడు. తూముకు లక్కతో సీలు వేసి, కట్ట మీద నిలబడి ఉత్తర్వు చదివాడు. "ఇది క్రీడా నీరు. సాగుకు ఒక్క చెంబు వాడినా జైలు." చదివి కర్ర పట్టుకుని కూర్చున్నాడు. కట్ట కింద, ఇరవై అడుగుల దూరంలో, పాలయ్య ఎర్రగడ్డలు తలలు వాల్చి ఉన్నాయి.

ప్రొద్దుటూరు జట్టు పడవను బండ్లు చేసే వడ్రంగికి అప్పగించారు. ఇంజను సంగతి ఆయిలింజన్ల మెకానిక్కు ఖాదర్ చూసుకున్నాడు. అది టెంటు సినిమాకు లైట్లు వెలిగించిన రెండు గుర్రాల శక్తి ఇంజను. చిక్కంతా వడ్రంగికిచ్చిన పుస్తకంలోని బొమ్మతో వచ్చింది. బొమ్మలో పడవ ముక్కు నీటి తుంపర్లలో కనపడదు. కనపడనిది సొంతంగా కల్పించడం తప్పని వడ్రంగి ముక్కే పెట్టలేదు. బండికి వెనక తెరిచినట్టు పడవకు ముందు తెరిచిపెట్టి, అడుగున మాత్రం చుక్క కారకుండా రేకు కొట్టాడు.

పడవ నీళ్ళలో దిగింది. పాలయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంజను మోగింది. పడవ మూడు గజాలు పోయి, చేటతో గింజలు ఎత్తినట్టు నీళ్ళు ఎత్తుకుని, నిండుగా కూర్చుండిపోయింది.

"ఓర్నాయనో!" అని ఖాదర్ నీళ్ళలో దూకాడు. "మామా, ఏం పర్వాలేదు. ముందర జానెడు పలక కొట్టిస్తా. గంటలో పని. ఇంగ చుక్క రాదు."

గొంతు వరకు మునిగిన పాలయ్య పడవలోని నీళ్ళు చూశాడు. కట్ట మీది లస్కరును చూశాడు.

"వొద్దప్పా ఖాదరూ. బొమ్మలో ఉన్నిట్లనే ఉండనీ."

"మునుగుతాండాది మామా!"

"మునగనీ."

ఎనిమిది మంది వచ్చి పడవను ముందువైపు ఎత్తిపెట్టి భుజాలకు ఎత్తుకున్నారు. కట్ట ఎక్కారు.

"ఏయ్ పాలయ్యా, నీళ్ళు యాడికి మోస్తాండారు?" బాలసుబ్బయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"నీళ్ళు గాదప్పా, పడవ."

"పడవలో ఏముండాది?"

"మునిగిన పడవలో ఏముంటాది? పారబోసుకోవల్ల గదా."

"చెరువులోనే పారబోయండి."

"చెరువులో పోస్తే మళ్ళా పడవలోకే వస్తాయి గదప్పా!"

బాలసుబ్బయ్య ఉత్తర్వును అటూ ఇటూ తిప్పి చదివాడు. మునిగిన పడవ గురించి అందులో లేదు. కర్ర తీశాడు. పడవ కట్ట దిగి ఎర్రగడ్డల మొదటి మడిలో బోర్లింది.

ఆ రోజు ప్రొద్దుటూరు జట్టు నలభై ఒక్కసార్లు ప్రాక్టీసు చేసింది. సాయంత్రం గురురాజారావుగారు వచ్చి లెక్క చూసి కళ్ళు తుడుచుకున్నారు. "నలభై ఒక్కసార్లు మునిగి, నలభై ఒక్కసార్లు మళ్ళీ ఎక్కారా! ఏ దేశంలో ఉందయ్యా ఈ పట్టుదల!" అని హైదరాబాదుకు తంతి కొట్టారు.

మర్నాడు ఊరికంతటికీ జలక్రీడల మీద ఆసక్తి కలిగింది. బెల్లం వండే పెనాలు వచ్చాయి. ఎద్దుల కుడితి తొట్లు వచ్చాయి. గురురాజారావుగారు వాటిని ఇంజను లేని తరగతిగా గుర్తించారు. నరసమ్మ, మరి ముప్ఫైమంది ఆడవాళ్ళు కడవలు తెచ్చారు. వాళ్ళను మహిళా విభాగంలో వేశారు. బాలసుబ్బయ్యకు ఆ పక్కనే పావెకరా వంకాయ తోట ఉంది. అతను డ్యూటీ దిగి వచ్చి టోపీతో ప్రాక్టీసు చేశాడు.

తరువాత పోటీ జట్లు వచ్చాయి. జమ్మలమడుగు జట్టు లారీలో వచ్చింది. రెండు రోజులు ప్రాక్టీసు చేసి, లారీలో పట్టినన్ని పీపాలు నింపుకుని పోయింది. ఆఖర్న పులివెందుల జట్టు వచ్చింది. కెప్టెను దావూద్ కట్టెక్కి చెరువును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఇదంతా నీళ్ళేనా అప్పా?"

"నీళ్ళే" అన్నాడు బాలసుబ్బయ్య.

"తాగొచ్చునా?"

"క్రీడా నీరు. ఆడేటోళ్ళకే."

"ఆడి తాగుతాం" అన్నాడు దావూద్.

వాళ్ళు తమ పడవను నిండా ముంచి, పైన గోనెపట్టాలు కప్పి, బండి మీద పులివెందులకు తోలుకుపోయారు. సొంత గడ్డ మీద ప్రాక్టీసు చేయనిదే పందెంలో నిలవలేమని చెప్పారు. నాలుగో రోజున ఇంకో నాలుగు బండ్లతో వచ్చారు. క్రీడాకారుల కోరికను గురురాజారావుగారు కాదనలేదు.

పందెం రోజున చెరువులో గేదె పొర్లడానికి సరిపడా బురద మిగిలింది.

కట్టమీద షామియానా వేశారు. బ్యాండు మేళం మోగుతోంది. మంత్రిగారి కారు దుమ్ము దూరాన కనిపిస్తోంది. గురురాజారావుగారి మొహం సున్నం కొట్టినట్టు ఉంది. పాలయ్య మాత్రం తన పైరు వైపు చూస్తున్నాడు. కాడలు పచ్చగా, నిటారుగా నిలబడి ఉన్నాయి.

"పాలయ్యా, నా ఉద్యోగం పోయిందయ్యా! ఏమిటి దారి?"

"పడవ మోసేది మాకు అలవాటైంది సార్" అన్నాడు పాలయ్య.

మంత్రిగారు టెంకాయ కొట్టి, పద్నాలుగు పూలదండలతో పడవలో కూర్చున్నారు. తాళ్ళతో కట్టిన ఇంజనును ఖాదర్ మోగించాడు. నల్లటి పొగ కమ్మింది. మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఎనిమిది మంది పడవను భుజాలకెత్తుకుని చెరువులో పాతిన జెండాల చుట్టూ పరుగు తీశారు. వెనక జమ్మలమడుగు, పులివెందుల పడవలు కూడా భుజాల మీదనే బయలుదేరాయి. పులివెందులవాళ్ళు బాగా పరుగెత్తుతున్నారని తెలిసి, పోలీసులు సకాలంలో కలుగజేసుకుని ఆ రెండు పడవలను కిందికి దించారు. మూడు చుట్లు తిరిగేసరికి మోసేవాళ్ళకు నోట నురగ వచ్చింది. మంత్రిగారు గెలిచారు.

ఆయన దిగి, కళ్ళు తెరిచి, పంచె తడిమి చూసుకున్నారు. ఒక్క చుక్క తడి లేదు.

"సోదరులారా! విదేశాల్లో పడవలు ఇంత తగిలీ తగలక పోతాయి. మన వడ్రంగి చేసిన పడవ ఒక్కసారి కూడా నీటికి తగల్లేదు! నాకు ఒంట్లో బరువే తెలియలేదు!"

మోసినవాళ్ళు తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రిగారు తమ చేతులతో తమకే వెండి కప్పు అందించుకున్నారు.

పక్షం రోజులు గడిచాయి. ఎర్రగడ్డలు గోలీకాయంత ఊరాయి. నేల మళ్ళీ నెర్రెలిచ్చింది. రెండో తడి రోజు వచ్చింది. పాలయ్య బంగళాకు పోయాడు. గురురాజారావుగారికి ప్రమోషను వచ్చింది. బల్ల పెద్దదైంది.

"రావయ్యా పాలయ్యా! నీ సంగతే రాస్తున్నాను."

"ఇంగొక పందెం పెడ్తే బాగుంటాది సార్."

"ఒకటేమిటి, మూడు తాలూకాలలోనూ పెడుతున్నాం. ముప్ఫై కొత్త పడవలు శాంక్షను. నీళ్ళు మాత్రం స్కీములోంచి తీసేశారు. నీళ్ళుంటే స్పీడు తగ్గుతుందని మంత్రిగారు అనుభవం మీద రాశారు. ఇక దానికి అప్పీలు లేదు."

పాలయ్య తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"సార్, మంత్రిగారికి ఈత వొచ్చునా?"

"చిన్నప్పుడు పెన్నను అవతలి ఒడ్డుదాకా ఈదారని వారి జీవితచరిత్రలో ఉంది. ఎందుకు?"

"ఆయప్ప ఈదితే సూడల్లని మా ఊర్లో ఆడోళ్ళు, పిల్లోళ్ళు శానా ఆశపడ్తాండారు."

గురురాజారావుగారి కళ్ళు వెలిగాయి. సొరుగు లాగి కొత్త ఫైలు తీశారు. కలం మూత విప్పారు.

"ఈతకు ఎంత లోతు నీళ్ళు కావాలంటావు?"

"మంత్రిగారి ఎత్తెంత సార్?" అన్నాడు పాలయ్య.