ఓడలో లిఫ్టు, లిఫ్టులో నార్బ్

సోమవారం పొద్దున టిఫిను బల్ల దగ్గర నార్బర్ట్ క్లూగ్ తాను తువ్వాళ్ళ మడతల క్లాసులో చేరుతున్నానని ప్రకటించేసరికి, అతని భార్య గ్లెండా నోటిదాకా వెళ్ళిన చెంచా అక్కడే ఆగిపోయింది.

"ఏం క్లాసు?"

"తువ్వాళ్ళతో జంతువుల్ని చెయ్యడం. రోజూ పదింటికి, ఐదో అంతస్తులో."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయనేగా నా భయం! నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో తడి తువ్వాలు తలుపు మీద పడెయ్యడమే తప్ప మడిచిన పాపాన పోలేదు. ఇప్పుడేకంగా దాంతో ఏనుగుని చేస్తావా?"

"మనిషన్నాక మారడా?"

"మారతాడు. మనిషైతే."

ఓడ ఫ్లోరిడా తీరం వదిలి అప్పటికి పదహారు గంటలైంది. ఆ పదహారు గంటల్లో నార్బ్ (సొంతూరు మిల్వాకీలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు) ఓడ చుట్టూ పదకొండుసార్లు తిరిగాడు. సముద్రాన్ని మాత్రం ఒక్కసారే చూశాడు. నీళ్ళేనని నిర్ధారణ చేసుకుని లోపలికి వచ్చేశాడు.

నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. రిటైరై మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో ఫ్రిజ్జు విప్పాడు, బట్టలుతికే యంత్రం విప్పాడు, పక్కింటివాళ్ళ కారు షెడ్డు తలుపు బాగుచేశాడు. అప్పట్నుంచీ చర్చి గంట మోగినప్పుడల్లా ఆ తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. "నీ రక్తపోటు కూడా లిఫ్టులాగే ఉందయ్యా, కాకపోతే పైకి వెళ్ళడమే గానీ కిందికి దిగడం లేదు" అన్నాడు డాక్టరు. విశ్రాంతి తీసుకోమన్నాడు. అందుకే గ్లెండా ఇరవై అంతస్తుల ఓడలో ఏడు రోజుల ప్రయాణానికి టికెట్లు కొంది.

రేవులో ఓడ ఎక్కేముందు అతని పెట్టె సోదా చేసింది. మేజోడులో స్క్రూడ్రైవరు, షేవింగు సంచిలో పట్టకారు, ప్యాంటు కాలులో టేపు దొరికాయి. అన్నీ కారులో పడేసి ఒట్టు వేయించింది. ఏడు రోజులపాటు ఏ యంత్రం మీదా చెయ్యి వెయ్యనని నార్బ్ తన ఫుట్‌బాల్ జట్టు మీద ఒట్టేశాడు. మిల్వాకీ మనిషికి అంతకంటే పెద్ద ఒట్టు లేదు. ఓడ అనే మాటలోనే ఓటమి ఉందని, తెలుగు రాదు కాబట్టి, పాపం అతనికి తెలియదు.

తొమ్మిదో అంతస్తులో వాళ్ళ గది. గది పక్కనే నాలుగో నంబరు లిఫ్టు. మొదటి సాయంత్రం భోజనానికి వెళ్తుంటే, తొమ్మిదికీ పదికీ మధ్య ఆ లిఫ్టు "టిక్... గుర్ర్" అంది. మిగతా అందరికీ లిఫ్టులో వస్తున్న పాట వినిపించింది. నార్బ్‌కి గుర్రే వినిపించింది. పసిబిడ్డ ఏడుస్తుంటే తల్లి పక్క గదిలో పేకాడుతూ కూర్చుంటుందా? చెయ్యి వెయ్యనని ఒట్టేశాడు గానీ చెవి వెయ్యనని వెయ్యలేదు కదా!

అలా పుట్టింది తువ్వాళ్ళ క్లాసు.

సోమవారం పదింటికి నార్బ్ లిఫ్టెక్కి గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. ఎవరో ఎక్కి "పన్నెండు" అన్నారు. మీట దగ్గరున్నాడు కాబట్టి నొక్కాడు. ఇంకెవరో "పదిహేను" అన్నారు. అదీ నొక్కాడు. మధ్యాహ్నానికి తనకు తెలియకుండానే "కాళ్ళు జాగ్రత్త, తలుపు పడుతోంది" అనడం మొదలుపెట్టాడు.

సాయంత్రం గదిలో గ్లెండా అడిగింది.

"ఇవాళ ఏం నేర్పారు?"

"కుందేలు."

"ఏదీ, చెయ్యి చూద్దాం."

నార్బ్ తువ్వాలుతో పావుగంట కుస్తీ పట్టాడు.

"ఏంటిది?"

"కుందేలే."

"మరి చెవులేవి?"

"పడుకుందిగా. చెవులు కిందపడ్డాయి."

"పాపం, లారీ కింద పడుకున్నట్టుంది."

గ్లెండా మొహంలో ఒక్క గీత కదల్లేదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూలు ఆఫీసులో కూర్చుని, బడి ఎగ్గొట్టిన పిల్లలు చెప్పే సాకులన్నీ విన్న మొహం అది.

మంగళవారం ఓడ ఒక దీవి దగ్గర ఆగింది. జనమంతా టోపీలు పెట్టుకుని దిగుతున్నారు.

"పద, ఇసుకలో కాసేపు కూర్చుందాం" అంది గ్లెండా.

"నాకు క్లాసుందే."

"ఇవాళ కూడానా? ఓడంతా ఖాళీ అయితే ఎవరికి చెప్తారు?"

"వెనకబడ్డవాళ్ళకి ప్రత్యేకంగా పెట్టారు."

"అయితే నువ్వు వెళ్ళాల్సిందే" అని ఒక్కతే దిగి వెళ్ళింది. నార్బ్ ఖాళీ లిఫ్టులో డెబ్భైసార్లు పైకీ కిందికీ తిరిగి, పక్క పట్టాల మీద జారే ముక్క అరిగిపోయిందని తేల్చాడు.

బుధవారానికి అతని పేరు ఓడంతా పాకింది. పేరంటే పేరు కాదు, "నాలుగో లిఫ్టులో పెద్దాయన" అని. అలబామా నుంచి వచ్చిన ఎనభై నాలుగేళ్ళ మిసెస్ ప్రూయిట్‌కైతే అతన్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు నాయనా. కూర్చోడానికి కుర్చీ కూడా ఇవ్వలేదా వీళ్ళు?"

"ఫరవాలేదండీ, అలవాటే."

"భోజనానికైనా వదులుతారా?" అంటూ చేతిరుమాల్లో కట్టుకొచ్చిన అనాసపండు ముక్కలు అతని చేతిలో పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. ఓడ ఆఫీసుకి వెళ్ళి, వయసు మళ్ళిన మనిషిని అలా పీడిస్తారా అని బల్ల గుద్ది మరీ అడిగింది. మా ఓడలో లిఫ్టు మనిషే లేడమ్మా అన్నారు వాళ్ళు. లేని మనిషికి అనాసపండు ఎలా పెట్టానంది ఆవిడ. ఆఫీసువాళ్ళు లేని మనిషిని వెతకడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం గదిలో అదృష్టం కలిసొచ్చిందనుకున్నాడు నార్బ్. గది సర్దే రొడీలియో, ఇద్దరు మనవలున్న ఫిలిప్పీన్స్ తాతయ్య, మంచం మీద తువ్వాలుతో అచ్చమైన కోతిని చేసి, దానికి నార్బ్ కళ్ళజోడు పెట్టి వెళ్ళాడు.

"ఇది నువ్వే చేశావా?" అంది గ్లెండా లోపలికొస్తూ.

"నేనే."

"కళ్ళజోడు పెట్టుకుంటే ముమ్మూర్తులా నీలాగే ఉంది. ఇంత కళ లోపల దాచుకుని జీవితమంతా లిఫ్టులపాలు చేశావు కదయ్యా! పోనీలే, రేపటితో ఆ లోటు తీరిపోతుంది."

"ఏం తీరిపోతుంది?"

గ్లెండా సంచిలోంచి కాగితం తీసింది. గురువారం నాలుగింటికి, పెద్ద హాల్లో, ప్రయాణికుల తువ్వాళ్ళ పోటీ. మూడో పేరు నార్బర్ట్ క్లూగ్.

"నా పేరెందుకిచ్చావు?"

"గర్వం ఆగలేదు. ఆరొందలమంది వస్తారట."

గురువారం నార్బ్ పథకం తేలికైనదే. మూడున్నరలోగా లిఫ్టు బాగుచేసెయ్యాలి, మూడూ నలభై ఐదుకి మోకాలు పట్టేయాలి. భోజనాల హాల్లో వెన్న రాసుకునే కత్తి ఒకటి జేబులో వేసుకొచ్చాడు. మీటల పలక వెనక లిఫ్టు గుట్టంతా ఉంటుంది. రెండు స్క్రూలు విప్పాడు. మూడోది మొండికేసింది. కత్తి దాని సందులో ఉండగానే ఏడో అంతస్తులో తలుపు తెరుచుకుంది.

మిసెస్ ప్రూయిట్ ఎక్కింది. ఆవిడ వెనక, కొలనులో పొట్టతో దూకే పోటీలో గెలిచొచ్చిన భారీకాయుడొకడు, ఒంటినిండా నీళ్ళతో, చేతిలో చీజు కారుతున్న పళ్ళెంతో ఎక్కాడు. చివరగా గడ్డందాకా తువ్వాళ్ళు పట్టుకుని ఓడ ఉద్యోగి ఒకావిడ ఎక్కింది. నార్బ్ కత్తికి వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

తొమ్మిదో అంతస్తు దాటారు. టిక్. గుర్ర్. ఆ కుదుపుకి అతని వీపు కత్తిని లోపలికి నెట్టింది. లిఫ్టు ఆగింది. దీపాలు ఆరి వెలిగాయి.

"ఎవరూ భయపడకండి" అంది మిసెస్ ప్రూయిట్. "మన లిఫ్టు మనిషి ఉన్నాడుగా."

గోడలోంచి ఓడ ముఖ్య ఇంజనీరు గొంతు వినిపించింది. సోల్వైగ్ అనే నార్వే ఆవిడ.

"లోపల ఎవరైనా దేన్నైనా ముట్టుకున్నారా?"

నార్బ్ పైకప్పు వైపు చూశాడు.

"ఈ పెద్దాయన వెన్న కత్తి దూర్చాడు" అన్నాడు భారీకాయుడు నములుతూ.

"అమ్మా, నా మాట వినండి" అన్నాడు నార్బ్ గోడతో. "పక్క పట్టాల మీద జారే ముక్క అరిగిపోయింది. తొమ్మిదికీ పదికీ మధ్య..."

"మూడు వారాల నుంచీ తెలుసు. కొత్తది శనివారం రేవులో వస్తుంది. ఆ ముక్క అరిగినా లిఫ్టు నడుస్తుంది. కత్తి దూరిస్తే నడవదు."

"నేను నలభై ఏళ్ళుగా ఈ పనే..."

"సార్, చేతులు జేబుల్లో పెట్టుకోండి. గంట పడుతుంది."

గంట! రెండడుగులు వేస్తే గోడ, తిరిగి రెండడుగులు వేస్తే భారీకాయుడు. అయినా నార్బ్ తిరుగుతూనే ఉన్నాడు. భారీకాయుడికి చలి పుట్టి పళ్ళు టకటకలాడుతుంటే, తువ్వాళ్ళావిడ తన చేతిలోవన్నీ అతనికి చుట్టేసింది.

"పోటీకి తీసుకెళ్తున్నాను వీటిని" అంది. "నయం, చాలావరకు ముందే పంపించాను. నా పేరు మరిసోల్. తువ్వాళ్ళ క్లాసు నాదే. మీరు?"

"నార్బర్ట్ క్లూగ్" అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మరిసోల్ కళ్ళు పెద్దవయ్యాయి. "గ్లెండా వాళ్ళాయనా? అయ్యో, గ్లెండా నా క్లాసులో అందరికంటే ముందుందండీ! సోమవారమే వచ్చింది. మా ఆయన ఇక్కడేనా అని తొంగిచూసింది. లేడని తెలిసి పెద్దగా నవ్వి, వచ్చాను గనక నేనే నేర్చుకుంటాను అని కూర్చుంది."

"సోమవారమా?"

"సోమవారమే."

నార్బ్ నడక ఆగిపోయింది. కుందేలూ, వెనకబడ్డవాళ్ళ క్లాసూ, కళ్ళజోడు కోతీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు నడిచి వెళ్ళాయి. మెల్లగా నేలమీద కూర్చుండిపోయాడు.

నాలుగూ నలభైకి తలుపు తెరుచుకుంది. ఎదురుగా సోల్వైగ్. పక్కన గ్లెండా, ఛాతీకి నీలం రిబ్బను, చంకలో తువ్వాలు ఏనుగు.

"గెలిచావా?" అన్నాడు నార్బ్ నేలచూపులు చూస్తూ.

"నువ్వు గెలిచావు. పేరు నీదేగా! మా ఆయన లిఫ్టులో ఇరుక్కున్నాడు, ఆయన బదులు నేను చేస్తానన్నాను. ఏనుక్కంటే ఆ మాటకే ఎక్కువ చప్పట్లు కొట్టారు."

"సోమవారమే తెలిస్తే ఒక్క మాట అడగొచ్చుగా!"

"అడిగితే ఆపేవాడివా?" గ్లెండా గొంతు కాస్త తగ్గింది. "మంగళవారం ఆ ఇసుకలో మనకి రెండు కుర్చీలు వేశారు. రెండోదాంట్లో నా సంచి కూర్చుంది. ఊళ్ళోవాళ్ళందరినీ నలభై ఏళ్ళు పైకీ కిందికీ చేర్చావు. నా పక్కన ఒక్క గంట కూర్చోమంటే నీకు పట్టాలు అరిగిపోతాయి."

నార్బ్ వెన్న కత్తిని మెల్లగా జేబులోకి జార్చబోయాడు. సోల్వైగ్ దాన్ని తీసేసుకుంది.

"ఇంతకీ బహుమతేంటి?" అన్నాడు మాట మార్చడానికి.

"రేపు పదింటికి ఓడ ఇంజను గది చూపిస్తారట. ఇద్దరికి."

నార్బ్ మొహం వెలిగిపోయింది. ఏడంతస్తుల ఎత్తు యంత్రాలు! నోట్లో నీళ్ళూరాయి.

"ఈయన తప్ప ఎవరైనా రావచ్చు" అంది సోల్వైగ్.

శుక్రవారం గ్లెండా మిసెస్ ప్రూయిట్‌ని వెంటబెట్టుకుని ఇంజను గదికి వెళ్ళింది. నార్బ్ పై అంతస్తులో గ్లెండా సంచి ఒళ్ళో పెట్టుకుని పడక కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. కూర్చున్నాడు. రెండు గంటల్లో ఆ కుర్చీ కీళ్ళు కదిలాయి.

"ఎలా ఉంది? ఎన్ని ఇంజన్లు? నూనెవా, గ్యాసువా?" గ్లెండా కనపడగానే మీద పడ్డాడు.

"పెద్దగా ఉన్నాయి. ఒకటి పసుపు రంగు. బుయ్ మంటోంది."

"పసుపు రంగుదా? ఏది? అది దేనికి తగిలించి ఉంది?"

"ఏమో. ఇంకొకదానికి."

నార్బ్ తల పట్టుకున్నాడు.

"ఫోటోలు తీయించుకున్నాలే" అంది గ్లెండా పక్క కుర్చీలో చేరగిలబడి. "నలభై మూడున్నాయి. గంటకొకటి చూపిస్తాను. ఈ కుర్చీలోంచి లేస్తే మాత్రం లేదు."

"అన్యాయం!"

"లే మరి."

నార్బ్ లేవలేదు. మొదటి ఫోటో వచ్చింది. గ్లెండా నవ్వుతూ నిలబడి ఉంది, వెనకున్న యంత్రాన్ని పూర్తిగా కప్పేసి.

"కాస్త పక్కకి జరగొచ్చుగా!"

"ఎందుకు జరగాలి? నా ఫోటో."

రెండోదీ అంతే. ఎడమ చెవి వెనక గొట్టం వంపు ఒకటి కనపడితే, వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. గ్లెండా ముక్కు పెద్దదయింది. మూడోదాంట్లో భుజం మీదుగా సగం చక్రం. శనివారం మధ్యాహ్నానికి, భోజనానికీ నిద్రకీ తప్ప లేవకుండా, పదకొండు ఫోటోలైపోయాయి. ఎదర సముద్రం అదే పనిగా ఉంది. సోల్వైగ్ చెప్పిన కొత్త ముక్క ఆ పొద్దునే రేవులో ఎక్కిందని విన్నాడు. నాలుగో లిఫ్టు వైపు ఒకసారి చూశాడు గానీ కదల్లేదు.

పన్నెండో ఫోటో వచ్చింది. నార్బ్ దాన్ని చాలాసేపు చూశాడు.

"ఈ నీలం చొక్కా ఎప్పుడు కొన్నావు?"

"మంగళవారం. దీవిలో."

"నీకు బాగుంది."

గ్లెండా నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి అతని వైపు తిరిగింది. "ఏమన్నావు? ఇంకోసారి చెప్పు."

"చెప్తే తర్వాతది ఇప్పుడే చూపిస్తావా?"

"చూపించను."

అయినా నార్బ్ చెప్పాడు.