ఉన్నిబామ్మ ఆరిన రోజు

ఆ శనివారానికి హిల్కా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరింటికి లేవాలి. ఉన్నిబామ్మను ఆరబెట్టాలి. ఏడింటికి రొట్టెలూ చేపముక్కలూ పేర్చి చేసే పుట్టినరోజు కేకు మొదలుపెట్టాలి. పదకొండుకల్లా ఇల్లు ఊడ్చి తుడవాలి. ఒంటిగంటకి అత్తగారు టాక్సీ దిగేసరికి ఈ ఇంట్లోకి ఉన్ని అనే పదార్థం ఏనాడూ అడుగుపెట్టనట్టు కనిపించాలి.

ఆఖరిది ఆమె భర్త తౌనో పెట్టిన షరతు. "అమ్మకి ఎనభై నిండుతున్నాయి. ఈ ఒక్కరోజు మనం మామూలు మనుషుల్లా బతుకుదాం. బల్ల మీద పళ్ళేలు, కుర్చీల్లో మనుషులు. అంతకంటే నేనేం అడగడం లేదు" అన్నాడు.

అతని మాటలో న్యాయం లేకపోలేదు. హిల్కా పొద్దున్నపూట పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. మధ్యాహ్నం నుంచి ఆమె ఉన్నికి అంకితం. సబ్బునీళ్ళలో తడిపి, రుద్ది, గట్టిపరచి, సూదులతో పొడిచి బొమ్మలు చేస్తుంది. సోఫాలో కూర్చునేవాళ్ళు ముందు చేత్తో తడిమి చూసుకునేవారు, సూదులుంటాయని. కిందటి వారం తౌనో సూపు తాగుతూ నోట్లోంచి మూరెడు ఆకుపచ్చ పోగు లాగాడు. భోజనాల బల్ల మూడు వారాలుగా ఉన్నిబామ్మ స్వాధీనంలో ఉంది. ఇంటిల్లిపాదీ ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తింటున్నారు.

ఉన్నిబామ్మ ఊరి మ్యూజియం కోసం. అక్కడ పాతకాలపు గదిలో రాట్నం ముందు కూర్చోడానికి మనిషంత బొమ్మ కావాలన్నారు. ఆదివారం ప్రారంభం. ఒంట్లో గడ్డి, పైన ఉన్ని, చేతులు, కాళ్ళు అన్నీ కుదిరాయి. మొహం దగ్గరే హిల్కాకి తెలియకుండా ఏదో జరిగింది. ఎవరి మొహమూ చేద్దామనుకోలేదు ఆమె. కానీ మూడు వారాలు చేతులు ఉన్నిని పొడుస్తుంటే మనసు అత్తగారి పుట్టినరోజు వంటల మీద ఉంది. ముక్కు కొంచెం వంగింది. కింది పెదవి లోపలికి పోయింది. శుక్రవారం రాత్రి తల అతికించాక పదిహేనేళ్ళ కూతురు ఇల్మా వచ్చి చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, నానమ్మని ఎందుకు చేశావ్?"

"నానమ్మ కాదే. ఎవరో ఒక బామ్మ."

"అయితే ఆ ఎవరో బామ్మ నన్నే ఎందుకు చూస్తోంది?"

దానికి తోడు కోటు. పీలికలు చేసి చాపలు నేసుకోమని అత్తగారు సైమి ఇచ్చిన పాత బూడిదరంగు కోటు అది. తడి మీదే కోటు తొడిగి ఆరబెడితే భుజాలు సరిగ్గా కుదురుతాయని హిల్కా దాన్ని బామ్మకి తొడిగింది, తలకి గుడ్డ కట్టింది.

శనివారం తెల్లవారి సముద్రం మీంచి వచ్చిన పొగమంచు కిటికీలకి ఆనుకుని నిలబడింది. హిల్కా బామ్మను ఎత్తుకుని వెనక వరండా పక్కనున్న సౌనాలోకి, అంటే వేడి ఆవిరిస్నానాల గదిలోకి తీసుకెళ్ళి పైబల్ల మీద కూర్చోబెట్టింది. సన్నని వేడి పెట్టి, తలుపు మూసి, ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళింది. చెబితే తౌనో ఊరుకోడు.

తొమ్మిదింటికి తౌనో మడత కుర్చీల కోసం సౌనా తలుపు తీశాడు. లోపల చీకటి. తడి ఉన్ని వాసన, ముసలివాళ్ళ గదుల్లో ఉండే వాసన. పైబల్ల మీద అమ్మ తల వంచుకుని కూర్చుని ఉంది.

"అమ్మా! ఎప్పుడొచ్చావ్? కోటుతో ఎందుకు కూర్చున్నావ్ ఇక్కడ?"

అమ్మ పలకలేదు. మోకాలి మీద చెయ్యి వేశాడు. వేలు లోపలికి దిగింది, మధ్యలోంచి నీళ్ళు ఉబికాయి. తౌనో కుర్చీలు వదిలేసి గోడకి అతుక్కున్నాడు. ఊపిరి అందాక సంగతి అర్థమైంది, భయం కాస్తా కోపమైంది. భోజనమయ్యాక అమ్మ ఎప్పుడూ సౌనాలోకి వెళ్తుంది. ఎనభయ్యో పుట్టినరోజున తన శవంలాంటిది ఎదురుగా కూర్చుని ఉంటే ఆమె గుండె ఏమవుతుంది?

హిల్కాతో చెబితే గొడవ. అందుకని చడీచప్పుడు లేకుండా బామ్మను చంకన పెట్టుకుని ముందువైపు నిలిపిన కారులోకి చేర్చాడు. వెనకసీటు నిండా సామాన్లు. ముందుసీట్లో కూర్చోబెట్టి, తాళం వేసి, మ్యూజియం తాళాలుండే ఆవిడకి ఫోన్ చేశాడు. ఆవిడ పన్నెండు దాటితే గానీ దొరకదు. అంతవరకూ కారులోనే ఉండనీ అనుకున్నాడు.

తొమ్మిదిన్నరకి హిల్కా బామ్మను ఇటు తిప్పుదామని వెళ్ళింది. పైబల్ల ఖాళీ. కూర్చున్నచోట గుండ్రంగా తడిమచ్చ. అక్కణ్ణుంచి గుమ్మం దాకా, గుమ్మం దాటి వరండాలోకి నీటిచుక్కలు, అడుగుకో చుక్క చొప్పున.

ఆమె వంటింట్లోకి వచ్చి, చాలా మామూలుగా, "సౌనాలోకి ఎవరైనా వెళ్ళారా?" అంది.

"లేదే" అన్నాడు తౌనో, పక్క స్నానాలగదిలో గడ్డం గీసుకుంటూ. గొంతు దగ్గర కత్తి జారి చిన్నగా తెగింది.

"ఇల్మా, నువ్వు?"

"నేనిప్పుడేగా లేచింది. ఏమైందమ్మా?"

"ఏం లేదు."

ఏం లేదనుకోవడానికి హిల్కా చాలా ప్రయత్నించింది. రొట్టె మీద చేపముక్కలు పరుస్తూ చెవులు మాత్రం వరండా మీదే పెట్టింది. పదకొండుకి తౌనో కొవ్వొత్తులు తేవడానికి బజారుకెళ్ళాడు. కారుండగా నడిచి వెళ్ళాడు. అదీ ఆమెకి అంతుపట్టలేదు.

పన్నెండు కావస్తుండగా పక్కింటి రాకెల్ కుక్కను తిప్పుతూ వచ్చింది. ఆ వరస ఇళ్ళ సంఘానికి రాకెల్ కార్యదర్శి. ఎవరి చెత్త ఏ డబ్బాలో పడాలో, ఎవరి సైకిలు ఎక్కడుండాలో, అందరికీ కలిపి ఉన్న జెండాకర్ర మీద ఏ రోజు జెండా ఎగరాలో ఆవిడే చూస్తుంది. కుక్క తౌనో కారు దగ్గర ఆగి, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వెనక్కి నడవసాగింది. రాకెల్ అద్దంలోంచి చూసింది. సైమి పెద్దావిడ. బూడిదరంగు కోటు. మొహం కోటుకంటే బూడిదగా ఉంది.

"సైమీ! ఈ చలిలో ఇక్కడేంటి?" అద్దం మీద కొట్టింది. జవాబు లేదు. చుట్టూ తిరిగి అటువైపు నుంచి చూద్దామని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆవిడ తల ఇందాకటికంటే కొంచెం ఇటు వాలినట్టు అనిపించింది. అద్దంలోంచి పడే ఆ కాస్త వెలుతురుకి మెడ ఉన్ని ఒకవైపు ఆరి బిగుస్తోందని రాకెల్‌కి ఎలా తెలుస్తుంది?

ఆవిడ ఇంటికి పరిగెత్తి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"ఊపిరి పీలుస్తున్నారా?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"నోరు తెరిచే ఉందమ్మా. దాన్ని వాడట్లేదు."

హిల్కా తలుపు తట్టే ధైర్యం రాకెల్‌కి లేకపోయింది. ఇలాంటి కబురు చెప్పడం పద్ధతి తెలిసినవాళ్ళ పని. తనకి తెలిసిన పద్ధతి ఒక్కటే. వెళ్ళి, జెండాను తలవంచినంత నెమ్మదిగా సగం కర్రకి ఎగరేసింది. ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఎవరైనా పోతే చేసే పని అదే.

పన్నెండుకి, అంటే గంట ముందుగా, అత్తగారు సైమి కోటు వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని టాక్సీ దిగింది. ముసలివాళ్ళకి ఒంటిగంట అంటే పన్నెండే. టాక్సీ వెళ్ళిపోయింది. ఆవిడ రెండడుగులు వేసి, తల పక్కకి వంచి, పొగమంచులోకి చూసింది. కొడుకింటి ముందు జెండా సగం దించి ఉంది. తనకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ముగ్గురున్న ఇంట్లో ముగ్గురిలో ఎవరు?

తల అలా జెండావైపే ఒరిగి ఉండగా ఆవిడ గుమ్మంవైపు నడిచింది.

వంటింటి కిటికీలోంచి హిల్కా చూసింది. పొగమంచులోంచి తలగుడ్డ. కోటు. ఒకపక్కకి వాలిన తల. అడుగులో అడుగు వేసుకుంటూ తన ఇంటికే వస్తోంది. ఆరడానికి కాబోలు.

హిల్కా చేతిలోని కత్తి కింద పెట్టకుండానే వెళ్ళి తలుపు గొళ్ళెం బిగించింది.

బయట మెట్ల మీద చప్పుడయ్యింది. తలుపు పిడి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"తలుపు తియ్యి" అంది ఒక గొంతు, ఏడుస్తున్నట్టుగా. "ఎవరు? చెప్పండి, ఎవరు?"

"ఎవరూ లేరు, వెళ్ళిపో!" అంది హిల్కా.

"అందరూనా!" అంది బయటి గొంతు.

మేడ మీంచి దిగిన ఇల్మా తల్లిని చూసింది, కత్తిని చూసింది. "అమ్మా, బయట నానమ్మ గొంతు."

"అదే నేనూ అంటున్నాను. కదలకు!"

సరిగ్గా అప్పుడే నీలిదీపాలతో అంబులెన్సు వచ్చింది. దాని వెనకాల కొవ్వొత్తుల పొట్లంతో తౌనో పరిగెత్తుకొచ్చాడు. సందు మలుపులో జెండా కనిపించినప్పటి నుంచి పరిగెడుతున్నాడు. మెట్ల మీద తల్లి ఏడుస్తోంది, తలుపు లోపల గొళ్ళెం వేసి ఉంది. "హిల్కా!" అని కేకపెట్టాడు. ఆ ఒక్క కేకలో ఇరవయ్యేళ్ళ కాపురం, సూపులోని ఆకుపచ్చ పోగుతో సహా, అతనికి గుర్తొచ్చింది. పోగుకి తను చేసిన రాద్ధాంతం తల్చుకుని తలుపుని రెండు చేతులా బాదాడు.

మొగుడి గొంతు గుర్తుపట్టి హిల్కా తలుపు తీసింది. బతికే ఉంది. చేతిలో కత్తి కూడా ఉంది.

"ఒరేయ్, నువ్వున్నావా!" అని సైమి కొడుకుని పట్టుకుంది. "పిల్లేదిరా?"

"ఇక్కడున్నా నానమ్మా."

"మరి పోయిందెవరు?"

"కారు తాళం ఎవరి దగ్గరుంది?" అని అరిచాడు అంబులెన్సులోంచి దిగిన మనిషి. "లోపల పెద్దావిడ ఉన్నారు!"

తౌనో తాళాలిచ్చాడు. అంబులెన్సు మనిషి తలుపు తీసి, రెండు వేళ్ళు ఆవిడ మెడ మీద పెట్టాడు. అలాగే ఉండిపోయాడు. తర్వాత తోడొచ్చిన అమ్మాయిని చాలా చిన్న గొంతుతో పిలిచాడు.

"ఓసారి ఇటు రా. ఈవిడ మెడ లోపలికి పోతోంది."

రాకెల్ అప్పటికి కంచె దగ్గర కన్నీళ్ళు తుడుచుకుంటోంది. కారులో సైమిని చూసింది. కారు వైపు నడుస్తున్న సైమిని చూసింది. కుక్క తాడు వదిలేసి తడిగడ్డి మీద మెల్లగా, మర్యాదగా కూలబడింది. అంబులెన్సు వాళ్ళు ఆ రోజు వైద్యం చేసిందల్లా ఆవిడకే.

"అమ్మా, చూడకు" అన్నాడు తౌనో. "అది ఉత్త బొమ్మ. హిల్కాకి ఉన్ని పిచ్చి, నీకు తెలుసుగా. నువ్వు భయపడతావనే నేను దాచాను."

"దాచావా?" అంది హిల్కా. "సౌనాలోంచి తీసింది నువ్వా? పొద్దున్న నేనడిగితే లేదన్నావే!"

"చెబితే పోట్లాడతావని."

"ఇప్పుడు పోట్లాట లేకుండా జరిగిపోయిందా?"

సైమి ఇద్దర్నీ పట్టించుకోలేదు. ఆవిడ కారు పక్కన వంగి, బామ్మ మొహంలోకి చూస్తోంది. హిల్కా దగ్గరికి వెళ్ళింది. తెలియక చేసినా, మనిషి బతికుండగా ఆమె చావుమొహం చేసి, ఆమె కోటే తొడిగి కూర్చోబెట్టింది తను. దానికి క్షమాపణ ఏ భాషలో చెప్పాలో తెలియలేదు.

"అత్తయ్యా, మిమ్మల్ని చెయ్యాలని కాదు..."

"నేను కాదు ఇది" అంది సైమి. ఒక వేలు చాచి బామ్మ లోపలికి పోయిన కింది పెదవిని తాకింది. "నాకు పళ్ళున్నాయి. మా అమ్మకి లేవు. ఇది మా అమ్మ."

ఆవిడ బామ్మ తలగుడ్డ సర్దింది.

"నేను కడగొట్టుదాన్ని. నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. ఒక్క ఫోటో లేదు. యుద్ధంలో ఊరు వదిలొచ్చేటప్పుడు ఫోటోల పెట్టె రైల్లోనే ఉండిపోయింది. ఈ మొహం మర్చిపోయాననుకున్నాను." ఆవిడ బామ్మ చెంపకి చెయ్యి ఆనించింది. "చల్లగా అయిపోయింది. లోపలికి తీసుకురండి, ఇలా చలిలో కూర్చోబెడతారా ఎవరైనా?"

అందరూ లోపలికి వెళ్ళారు. అంబులెన్సు వాళ్ళిద్దరూ నిలబడే కాఫీ తాగారు. ఈ పిలుపుని కాగితంలో ఏమని రాయాలో తేలక కాసేపు గుసగుసలాడుకుని, కేకు ముక్కలు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయారు. రాకెల్ పుట్టినరోజు పేరున జెండాను కర్ర చివరిదాకా ఎగరేసి వచ్చింది. ఒకే రోజు ఒకే మనిషికి రెండు రకాలుగా జెండా ఎగరేసిన కార్యదర్శి ఊళ్ళో ఇంకెవరూ లేరని ఆవిడకి కొంచెం గర్వంగానే ఉన్నట్టుంది.

భోజనాల బల్ల దగ్గర సైమి పక్కన ఉన్నిబామ్మకి ఒక కుర్చీ వేశారు. సైమి ఆమెకీ ఒక పళ్ళెం పెట్టించింది.

"అమ్మా, ఇదేం బాలేదు" అన్నాడు తౌనో. "ఈ ఒక్కరోజైనా ఉన్ని లేకుండా..."

"నోరు ముయ్యి. మీ నాన్న షెడ్డులో పన్నెండేళ్ళు పడవ కట్టాడు. అది నీళ్ళ మొహం చూడలేదు. నేను ఇన్నేళ్ళూ దాని చుట్టూ చీపురు తిప్పాను. ఇది కనీసం భోజనానికి వచ్చింది." తర్వాత హిల్కా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మాయ్. నా మొహం మీద తలుపెందుకు వేశావ్?"

"మీరు అదేమో అనుకున్నానత్తయ్యా."

"కత్తి?"

"అదీ అందుకే."

సైమి పళ్ళెం ముందుకు జరిపింది. "నేనే అనుకుని వేసుంటే కోపం వచ్చేది" అని, కేకు ఇంకో ముక్క పెట్టించుకుంది.

తౌనో చాలాసేపటి తర్వాత, ఎవరూ చూడనప్పుడు, హిల్కా చేతి మీద చెయ్యి వేశాడు. "తలుపు తీసి నువ్వు కనిపించేసరికి..." అని ఆగిపోయాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. వారానికి నాలుగు రోజులు బల్ల ఇంటికీ, మూడు రోజులు ఉన్నికీ అని అప్పటికప్పుడు పంచుకున్నారు. శనివారం ఎటు పడాలన్నది మాత్రం తేలలేదు.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా బామ్మ తల మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున, సైమి వైపు ఒరిగింది. ఇల్మా అది చూసి తల్లిని గిల్లింది. "ఆరుతోంది కదే, ఆరేవైపు బిగుస్తుంది" అంది హిల్కా. గది వేడిచేసే పలక బామ్మకి అవతలిపక్క, సైమికి దూరంగా ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కూతురికి చెప్పలేదు. కాఫీ గిన్నెలు తియ్యడానికి లేచింది.

నాలుగింటికే చీకటి పడుతుంటే సైమి లేచి కోటు వేసుకుంది. బామ్మ కోటు బొత్తాలు కూడా పెట్టింది.

"మ్యూజియం వాళ్ళకి ఇంకోటి చేసిపెట్టు. ఈవిడ నాతో వస్తుంది."

"అత్తయ్యా, రేపే ప్రారంభం!"

"మ్యూజియంలో ఈవిడని అందరూ చూస్తారు. ఎవరూ మాట్లాడరు."

హిల్కా ఫోన్ తీసి, మ్యూజియం ఆవిడకి బామ్మ రావడం లేదని, చుట్టాలింటికి వెళ్తోందని చెప్పింది. అయితే రాట్నం ఒక్కటే పెడతామంది ఆవిడ.

టాక్సీ వచ్చింది. పొద్దున్నటి డ్రైవరు కాదు, కొత్తవాడు. తౌనో, ఇల్మా కలిసి బామ్మను వెనకసీట్లో కూర్చోబెట్టారు, సైమి పక్కన కూర్చుని ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు అద్దంలో వెనక్కి చూసి, "ఇద్దరూ బెల్టులు పెట్టుకోండమ్మా" అన్నాడు.