నాలుగు చెవుల మైకు

సోమక్క మనవడి సంచిలో రెండు జతల బట్టలు, దుప్పటి, సకినాల డబ్బా సర్దింది. అన్నీ తీసి మళ్లీ సర్దింది. ఆ ఇంట్లో ఎవరు సంచి పట్టినా ఆమెకు కళ్లవెంట నీళ్లు ఆగవు.

"మేడారమే కదనే అమ్మమ్మా! జాతర చప్పుడు రికార్డు జేసి వస్త. ఫికర్ జెయ్యకు," అన్నాడు భానుచందర్.

పోయేలోపు మైకు సరిచూసుకోవాలి. ఒక్క మైకులోనే నలుదిక్కులకూ నాలుగు చెవులు. నాలుగింటికీ సమానంగా వినబడితేనే, రేపు వినేవాడికి జాతర నడుమ నిలబడ్డట్టు ఉంటుంది. ఒక్క చెవి మందగించినా పని ఇచ్చినవాళ్లు ఇంకొకరిని పిలుచుకుంటారు. హాలు మధ్యలో మైకు నిలబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీసి, ఒక్కో దిక్కున నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒకసారి కొట్టిన చప్పట్లు ఇంకోసారికి అట్లాగే పడితే కదా!

"ఫ్యాను బంద్ జెయ్యి, ఫ్రిజ్ బంద్ జెయ్యి, పొయ్యి ముట్టియ్యకు. నువ్వు అసలే మాట్లాడకు!"

అప్పుడే పక్కింటి సమ్మమ్మ తోడుకు పెరుగు అడగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎండ ఎక్కినా పొయ్యి వెలగలేదు. సోమక్క సంచి ఒళ్లో పెట్టుకుని చప్పుడు చేయకుండా ఏడుస్తోంది.

"ఏమైందక్కా?"

సోమక్క నోటి మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. పొయ్యి వెలగని ఇంటికి సమ్మమ్మకు తెలిసిన అర్థం ఒక్కటే. కాసేపటికి వాడంతా గుమ్మం బయట చెప్పులు విడిచింది. ఎదురింటి గట్టయ్య డప్పులవాళ్లకు ఫోన్ కొట్టాడు.

"ఎవరు పోయిండ్రే?" అని గుసగుసగా అడిగింది ఒకామె.

"ముందుగాల ఏడ్వు, తర్వాత అడుగుదువు," అంది సమ్మమ్మ.

ఆడవాళ్లు సుద్దగీత చుట్టూ కూర్చుని ఒక్కపెట్టున రాగం తీశారు. "ఆపుండ్రి!" అని అరవబోయిన భానుచందర్ మైకుకు తగిలించిన ల్యాప్‌టాప్ తెర మీదికి చూశాడు. నాలుగు చెవుల గీతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్క ఎత్తున లేచాయి.

"ఆపకుండ్రి! గట్లనే ఏడ్వుండ్రి! సమ్మమ్మత్తా, నువ్వు జర ఎన్కకు జరుగు!"

మైకు కుదిరింది. "అయిపాయె, ఇగ చాలు," అని అసలు సంగతి చెప్పాడు. అందరూ కొంగులతో మొహాలు తుడుచుకుని నవ్వుతూ లేచారు. సోమక్క మాత్రం ఆపలేదు. సమ్మమ్మ మెడ పట్టుకుని ఇంకా ఏడుస్తోంది.

"ఎవ్వరు పోలేదట గదక్కా! ఊకో."

"ఉండవే. మీ బావ సచ్చిండని నాకు ఎవ్వరన్న చెప్పిండ్రా? చెప్పకుంట ఎట్ల ఏడ్వాలె? ఇయ్యాల మీరందరు వచ్చిండ్రు."

ఆడవాళ్లు మళ్లీ కూర్చున్నారు. వెళ్లబోతున్న డప్పులవాళ్లను గట్టయ్య ఆగమన్నాడు.

భానుచందర్ జాతర ముగిశాక తిరిగి వచ్చాడు. సోమక్క భర్త సదానందం పంతొమ్మిది వందల తొంభై నాలుగు ఎండాకాలంలో భివండి మగ్గాల పనికి పోయాడు, తిరిగి రాలేదు.