‘అందరికీ’ అని నొక్కినందుకు

ఆ రోజు ఉదయం సిస్టమ్‌గారి పథకం చాలా సులువైనది. పదింటికి కమిటీ వస్తుంది. అతను తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూస్తుంది. బాగుందంటే పరిశోధన సంస్థలోని ప్రయోగశాలలన్నిటికీ అదే ఖాయం. బాగాలేదంటే బయటి కంపెనీ సరుకు కొంటారు, అతను మళ్ళీ ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు పీకే పనికి వెళతాడు. అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ "బాగుందనే అంటారు" అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. భార్య ఆస్పత్రిలో నర్సు. అతను లేవకముందే పొద్దుటి డ్యూటీకి వెళ్ళిపోయింది.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. సంస్థలో అది ఎవరికీ గుర్తులేదు. డైరెక్టరు నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా అందరికీ అతను సిస్టమ్‌గారే.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరుకు ఇంటి పెద్ద. ఎవరికి ఏ గది, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నీ అదే చూసుకోవాలి. అంతా సవ్యంగా నడిచినన్నాళ్ళూ అలాంటిది ఒకటుందని కూడా ఎవరికీ తోచదు. బజారులో దొరికేవి అందరి కోసం చేసినవి కాబట్టి శాస్త్రవేత్తలకు సరిగ్గా అతకవు. సిస్టమ్‌గారు ఓపెన్ సోర్స్ దాన్ని తీసుకున్నాడు. అంటే దాని లోపలి రాత అంతా బాహాటం. ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. దాన్ని పరిశోధకుల ఒంటికి సరిపోయేలా కత్తిరించి కుట్టాలని అతని ఆశ.

కొలతలు తీసుకోవడానికి గది గదికీ తిరిగాడు. చిక్కంతా అక్కడే మొదలైంది. అతనికి కాదనడం చేతకాదు.

"నా గంట మోగితే బిల్డింగంతా వినపడాలయ్యా. ఆ సౌండు తగ్గించే వీలు ఎవ్వడికీ ఉండకూడదు" అన్నాడు భూకంపాల శాస్త్రవేత్త.

"తప్పకుండా సార్."

"మా విద్యార్థులు అలారం నొక్కేసి మళ్ళీ ముచ్చట్లలో పడతారు. ద్రావకం మాడిపోతుంది. చెప్పిన పని చేశామని ఒప్పుకునేదాకా అది ఊరుకోకూడదు" అంది రసాయనాల ప్రొఫెసరమ్మ.

"అలాగే మేడమ్."

"ఒక గదిలో మోగింది అన్ని గదుల్లోనూ అదే క్షణంలో మోగాలి. మనది ఒకే సంస్థ అని తెలియాలి కదా!" అన్నాడు డైరెక్టరు.

ముసలి మొక్కల ప్రొఫెసరు మాత్రం "అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు నాయనా, చాలు" అన్నాడు.

అందరి కోరికలూ తీర్చాడు. సంస్థలో అతని గది ప్రింటర్ల పక్కన ఉండటంతో బుర్ర పనిచేయక, ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుని తీర్చాడు. చివరికి తన ఇంటి కంప్యూటరులో అంతా నిక్కచ్చిగా కుదిరాక, కమిటీ వచ్చే ముందురోజు రాత్రి దాన్ని ఉన్నదున్నట్టుగా అచ్చుతీసి సంస్థలోని కంప్యూటర్లన్నిటికీ ఎక్కించాడు. అచ్చుతీసే ముందు తన ఫోటోలూ ఉత్తరాలూ జాగ్రత్తగా తీసేశాడు. తనవన్నీ అవేననుకున్నాడు.

కమిటీ వేళకే వచ్చింది. ఛైర్మన్ బహు కచ్చితమైన మనిషి. ఆడిట్ అయితే తప్ప నవ్వడని ప్రతీతి. సిస్టమ్‌గారు ఒక్కొక్కటీ చూపిస్తుంటే ఆయన తల ఊపడం మొదలుపెట్టాడు. ఊపు నిలువుగానే ఉంది. సిస్టమ్‌గారి గుండె కుదుటపడింది.

"అన్నీ బాగానే ఉన్నాయి. కానీ కంపెనీ వాళ్ళ దాంట్లో లేనిది మీ దాంట్లో ఏముంది?" అన్నాడు ఛైర్మన్.

సిస్టమ్‌గారు గొంతు సవరించుకున్నాడు. అతనికంటే ముందు కంప్యూటరు మాట్లాడింది.

"ఏమండీ! కూర్చున్నది చాలు. లేవండి. అలా బయటికెళ్ళి నాలుగడుగులు వేసి రండి."

ఆడగొంతు. గదిలోనే కాదు, వరండాలో, పైఅంతస్తులో, కింది అంతస్తులో, మెట్ల దగ్గర, అన్నిచోట్లా అదే క్షణంలో, అదే గొంతు. సిస్టమ్‌గారు బిగుసుకుపోయాడు. అది తన భార్య గొంతు.

అసలు జరిగింది ఇది. భర్త కుర్చీకి అతుక్కుపోతున్నాడని, తను డ్యూటీలో ఉన్నవేళ లేపే దిక్కు లేదని, ఆవిడ ఏడాది కిందట ఆ ఇంటి కంప్యూటరులో మూడు మాటలు రికార్డు చేసి గడియారానికి తగిలించింది. ఒక దానికి లేవకపోతే రెండోది, దానికీ లేవకపోతే మూడోది. అప్పుడు కంప్యూటరు 'ఈ గుర్తుచేయడం ఒక్కరికా, అందరికీనా?' అని అడిగింది. ఇంట్లో ఉన్నవాళ్ళకు ఏదైనా చేస్తే అందరికీ చేయడమే ఆవిడకు అలవాటు. 'అందరికీ' అని నొక్కింది. దాంతో ఆ మాటలు భర్త సామాన్లలో కాకుండా ఏకంగా సిస్టమ్ పునాదుల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. వాటిని అతను ఒక్కసారైనా విని ఉంటే అచ్చుతీసే ముందు గుర్తొచ్చేవి. పనిచేసేటప్పుడు చప్పుడంటే పడదని, అతను ఇంట్లో స్పీకరు వైరు ఎప్పుడో పీకి పక్కన పెట్టాడు.

కమిటీ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరు మాత్రం తడుముకోలేదు. తెలియని విషయం తెలిసినట్టు కనబడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"ప్రమాదం వస్తే బయటికి నడిపించే ఏర్పాటండీ ఇది. రిహార్సల్! పదండి, పదండి" అంటూ లేచాడు.

డైరెక్టరు లేచాక ఎవరు కూర్చుంటారు? కమిటీ లేచింది. వరండాలో కమిటీని చూసి గదుల్లోవాళ్ళు లేచారు. మూడు అంతస్తుల జనం ఒక్కసారిగా మెట్లు దిగారు. ఆ అదురుకు నేలమాళిగలో భూకంపాలు కొలిచే యంత్రం సూది గీతలు దాటి ఎగిరింది. భూకంపాల శాస్త్రవేత్త జీవితమంతా ఎదురుచూసిన గీత అది. కళ్ళనీళ్ళ పర్యంతమై గంట నొక్కాడు. తగ్గించే వీలు ఎవ్వరికీ లేని గంట. అంతవరకు నడుస్తున్న జనం పరుగు అందుకున్నారు. పరుగుతో సూది ఇంకా ఎగిరింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా రసాయనాల ప్రొఫెసరమ్మ ఆఖరి మెట్టు మీద జారి మడమ బెణికించుకుంది. ఎవరో ఆస్పత్రికి ఫోన్ చేసి "భూకంపం, మనుషులు పడిపోయారు" అన్నారు. పడింది ఒక్కరేనని చెప్పేంత తీరిక ఎవరికి ఉంటుంది?

"సార్, అది భూకంపం కాదు సార్. నన్ను లోపలికెళ్ళి ఆపనివ్వండి" అని సిస్టమ్‌గారు బతిమాలాడు.

"నువ్వు కంప్యూటర్లు చూసుకో. భూమి సంగతి నాకు తెలుసు" అని భూకంపాల శాస్త్రవేత్త గుమ్మానికి అడ్డంగా చేతులు చాపాడు. "నేను చెప్పేదాకా ఈగ కూడా లోపలికి పోకూడదు."

గంట ఆగింది. ఖాళీ భవనంలో 'లేచాను' అని ఒప్పుకునే నాథుడు లేడు కాబట్టి కిటికీలన్నిట్లోంచి రెండో మాట వచ్చింది.

"లేవలేదు కదూ? నాకు తెలుసు. మీ సంగతి నాకు తెలీదా? ఆ పని ఎక్కడికీ పారిపోదు. ముందు లేవండి."

ఆవరణలో నిలబడ్డ అంతమంది శాస్త్రవేత్తలూ, లేచే ఉన్నా, తప్పుచేసినట్టు తలలు దించుకున్నారు. ఛైర్మన్ కలం జేబులో పెట్టుకోవడం చూసి సిస్టమ్‌గారికి ప్రింటర్లు కళ్ళముందు తిరిగాయి.

అంబులెన్సు వచ్చి ఆగింది. అందులోంచి మందుల పెట్టె పట్టుకుని నర్సు దిగింది. ఆవిడ రెండడుగులు వేసిందో లేదో, మూడు అంతస్తుల మీంచీ ఆవిడ గొంతే ఆవిడకు ఎదురొచ్చింది.

"నీళ్ళు తాగారా? ఆఁ అని ఊరికే అనకండి. తాగి అనండి."

ఆవిడ అక్కడే ఆగిపోయింది. భవనం వైపు చూసింది. తరువాత తేలు కుట్టిన దొంగలా చెట్టు చాటున నిలబడ్డ భర్త వైపు చూసింది. ముందు తన పని గుర్తొచ్చి రసాయనాల ప్రొఫెసరమ్మ మడమకు కట్టు కట్టింది. అది ముగించి లేచింది.

"ఇది ఇంట్లోది కదండీ? ఇక్కడికెలా వచ్చింది?"

"అదీ... పొరపాటున..."

"పొరపాటున ఎలా వస్తుంది? రోజూ వింటూనే ఉన్నారు కదా!"

కాదనడం చేతకాని మనిషికి అవుననడం కూడా చేతకాని క్షణం అది.

"రోజూ సాయంత్రం అడుగుతాను, నా మాట విన్నారా అని. ఆఁ విన్నాను అంటారు" అంది ఆవిడ నెమ్మదిగా. "ఏం విన్నారు మరి?"

"స్పీకరు వైరు... తీసేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు రికార్డు చేయకముందే."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే అతనికి బాగుండేది. ఏడాదిపాటు తను గోడకు చెప్పుకున్నానని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అతను మొదటిసారి చూశాడు. సిస్టమ్ పోతే పోయింది, ఈ ముఖం చూడకుండా ఉంటే చాలుననిపించింది.

"ఈ గోల మీ పుణ్యమేనన్నమాట" అన్నాడు ఛైర్మన్ అతని వైపు తిరిగి. నిజానికి అది తిలాపాపం తలా పిడికెడు. సౌండు ఒకరిది, మొండితనం ఒకరిది, ఐకమత్యం డైరెక్టరుది. "ఇంక ఈ సిస్టమ్ గురించి..."

"తీసెయ్యకండి" అని మొక్కల ప్రొఫెసరు అడ్డొచ్చాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. "మా ఆవిడ పోయాక నీళ్ళు తాగావా అని నన్నడిగిన మనిషి లేదు. ఇందాక మెట్లు దిగుతూ సీసా తెచ్చుకున్నాను. తాగాను. ఆ పెద్ద అక్షరాలు లేకపోయినా ఫరవాలేదు, ఇది ఉండనివ్వండి."

ఎవరూ నవ్వలేదు. రసాయనాల ప్రొఫెసరమ్మ కట్టు వైపు చూసుకుంటూ "నేనూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అంది. భూకంపాల శాస్త్రవేత్త చేతులు దించాడు.

ఛైర్మన్ జేబులోంచి కలం మళ్ళీ తీశాడు. "యంత్రం వేడెక్కితే చెప్పే సిస్టములు చాలా చూశాను. యంత్రం ముందు కూర్చున్న మనిషి సంగతి అడిగేది ఇదొక్కటే. ఖాయం చేస్తాం. ఈ గొంతు ఉంటేనే. ఇది కూడా ఓపెన్ సోర్సేగా? వాడుకోవచ్చుగా?"

సిస్టమ్‌గారికి ప్రాణం లేచొచ్చింది. "తప్పకుండా సార్! అందరూ వాడుకోవచ్చు, అందరికీ పంచవచ్చు."

"ఆగండి" అంది భార్య. "ప్రోగ్రాము మీది. గొంతు నాది. నన్నడిగారా?"

ఛైర్మనే చేతులు కట్టుకుని "అమ్మా, అనుమతిస్తారా?" అన్నాడు. ఏడాది పని ఆవిడ నోటి మాట మీద వేలాడింది.

ఆవిడ మొక్కల ప్రొఫెసరు చేతిలోని సీసా వైపు చూసింది. "ఇస్తానండీ. పాపం, వినేవాళ్ళున్నప్పుడు చెప్పడానికేం? అందరి కంప్యూటర్లలోనూ ఉంచండి. ఈయన దాంట్లో మాత్రం తీసెయ్యండి."

షరతును కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది, గొంతు మాత్రం ఎవరి గదిలో వాళ్ళకే వినబడేలా తగ్గించమంది. సిస్టమ్‌గారి సిస్టమ్ నెగ్గింది. ప్రింటర్ల బెడద తప్పింది. ఆ సాయంత్రమే అతను ఇంట్లో స్పీకరు వైరు తగిలించాడు. సంస్థలో తన గదిలోనూ సౌండు పూర్తిగా పెంచాడు. ఇంట్లో ఫ్యాను చప్పుడు, అక్కడ ప్రింటర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఉండబట్టలేక ఒకరోజు భార్యనే అడిగాడు.

"నా దాంట్లో కూడా పెట్టవూ?"

"తర్వాతి అప్‌డేటులో చూద్దాం లెండి" అంది ఆవిడ, కంప్యూటరు వాళ్ళందరూ చెప్పే మాటే చెబుతూ.

అప్పటినుంచి కమిటీ వచ్చిన రోజు గొంతు వినబడిన ఆ వేళకే, సిస్టమ్‌గారు తనిఖీ అని చెప్పి రోజూ మొక్కల ప్రొఫెసరు గదికి వెళతాడు. గొంతు చెప్పినట్టే ఇద్దరూ లేచి నాలుగడుగులు వేస్తారు, నీళ్ళు తాగుతారు, ఏమీ మాట్లాడుకోరు. ఎన్నడూ చెడిపోని ఆ ఒక్క కంప్యూటరుకు రోజూ తనిఖీ ఎందుకో, ఇన్ని శాస్త్రాలున్న ఆ సంస్థలో ఇంతవరకు ఎవరూ పరిశోధించలేదు.