ఏర్పేడు రెడ్

ఆ మంగళవారం పొద్దున్నే లేచి, వేపపుల్ల నములుతూ, ధనంజయ ఆ రోజు పనులన్నీ మనసులో ఒకసారి తిప్పుకున్నాడు. కోడికి స్నానం చేయించాలి. ఈకలు ఆరబెట్టాలి. తొమ్మిదింటికల్లా హైస్కూలు మైదానంలో జరిగే కోళ్ల ప్రదర్శనకు తీసుకుపోవాలి. సాయంత్రానికి షీల్డుతో తిరిగి రావాలి. మొదటి మూడూ తన చేతిలోని పనులు. నాలుగోది కూడా దాదాపు తన చేతికి వచ్చినట్టేనని అతని నమ్మకం.

ధనంజయ చిత్తూరులో ఒక మామిడికాయల మండీలో గుమస్తా. ఏడాది క్రితం ఒక తెల్ల లెగ్‌హార్న్ కోడిపిల్లను తెచ్చి పెంచాడు. దానికి మొలకెత్తిన రాగులు పెట్టాడు, తురాయికి నువ్వులనూనె రాశాడు, ఎండకు తెల్ల ఈకలు పచ్చబారతాయని ఎవరో చెబితే దొడ్లో గోనెపట్టాలతో పందిరి వేశాడు. భార్య పంకజాక్షి జ్వరంతో వారం రోజులు మంచం పట్టినప్పుడు ఆమెను ఎన్నిసార్లు పలకరించాడో తెలియదు గానీ, కోడిని పలకరించని పూట మాత్రం లేదు.

ఇంత శ్రమకూ కారణం తోడల్లుడు మునిరామయ్య. పంకజాక్షి అక్క మొగుడు, తవుడు వ్యాపారి. మూడేళ్లుగా ప్రదర్శనలో షీల్డు అతని నల్ల మినార్కా పుంజుకే వస్తోంది. ఏర్పేడులో అత్తవారింటికి పోయినప్పుడల్లా మామ గోవిందయ్య పెద్దల్లుడి షీల్డుల గురించి పొగడటం, చిన్నల్లుడు తల వంచుకుని మజ్జిగన్నం తినడం ఆ ఇంటి ఆనవాయితీ అయిపోయింది. ఈ ఏడు షీల్డు రాకపోతే ఏర్పేడు గడప తొక్కేది లేదని ధనంజయ భార్యకు తేల్చి చెప్పాడు. పుట్టింటికి పోవడం పంకజాక్షికి ఇష్టం. కాబట్టి షీల్డు ఆమెకూ కావాలి.

ధనంజయ దొడ్లోకి పోయి గంప ఎత్తాడు. గంప కింద పుంజు క్షేమంగానే ఉంది. కాకపోతే పచ్చగా ఉంది. తలనుంచి తోకదాకా పసుపు, తురాయి కింద కుంకుమబొట్టు, మెడలో వేపమండ.

"అమ్మా!"

తల్లి కుప్పమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంరా, అట్ల అరస్తావు?"

"నా కోడికేమైంది?"

"ఏమైతాది? పసుపునీళ్లు పోసినాను. పోయినేడు నీకు కామెర్లొచ్చి కండ్లు పచ్చబడినప్పుడు గంగమ్మకు తెల్లపుంజును మొక్కుకుంటి గదా. ఈ పొద్దు ఆడినెల మంగళవారం. మొక్కు తీర్చల్ల."

"సంతలో కొంటావనుకుంటినే!"

"సంతలో కొన్నది మనింటి కోడెట్లయితాది? ఇంట్లో తెల్లపుంజు ఇదొకటే ఉండాది. నీ పానం కంటే ఎక్కువా ఇది?"

ధనంజయ ఆ ప్రశ్నను నిజాయితీగా ఆలోచించాడు కాబట్టి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. చివరికి కాళ్లావేళ్లా పడి తల్లిని ఒప్పించాడు. సాయంత్రం ఐదింటిదాకా కోడి తనది, ఆ తరవాత గంగమ్మది.

"పసుపు పోసినాక అది అమ్మవారి సొత్తు. పొద్దుగూకేలోగా నా చేతికి రావల్ల," అని చెప్పి కుప్పమ్మ పూలకోసం బజారుకు పోయింది.

ధనంజయ బావి దగ్గర పుంజును ఒళ్లో పెట్టుకుని నాలుగు బక్కెట్ల నీళ్లు పోశాడు. కుంకుమ పోయింది, వేపమండ పోయింది, పసుపు పోలేదు. ఇదంతా చూస్తున్న పంకజాక్షికి జాలేసింది.

"ఉత్త నీళ్లకు పసుపు యాడ పోతాది? చాకలిసోడా ఉండాది, వేసి రుద్దండి. మీ పంచెల మీద మామిడి జీడి మరకలే పోతాయి దాంతో."

పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో ప్రతి పెళ్లిలోనూ ఎర్రనీళ్ల పళ్లెం చూసిన మనిషికి తెలియదని అనలేం. కానీ పసుపు దృష్టిలో సున్నమూ చాకలిసోడా ఒకటేనన్న సంగతి ధనంజయకు ఆ పొద్దు కోడి మీద తెలిసింది. రుద్దేకొద్దీ పుంజు ఎర్రబడింది. ఇంకా గట్టిగా రుద్దితే ఇంకా ఎర్రబడింది.

"అయ్యో, దిష్టినీళ్ల రంగొచ్చిందే!" అంది పంకజాక్షి. ఆ వెంటనే, మొగుణ్ణి ఓదారుద్దామని, "పోనీలెండి, దిష్టన్నా తగలదు," అంది.

గడియారం ఎనిమిదిన్నర కొట్టింది. ధనంజయ పుంజును తుడిచి, బుట్టలో పెట్టి, సైకిలెక్కాడు.

మైదానంలో షామియానాల కింద పంజరాలు బారులు తీరి ఉన్నాయి. ధనంజయ తన కష్టాన్ని కాసేపు మరిచిపోయాడంటే ఆ తప్పు అతనిది కాదు. కాళ్లకు గజ్జెలు కట్టినట్టు వేళ్లదాకా ఈకలున్న బ్రహ్మ జాతి పుంజులు బరువుగా అడుగులు వేస్తున్నాయి. చారల ప్లిమత్ రాక్ పెట్టలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గింజలు ఏరుతున్నాయి. పొడుగుకాళ్ల అసీల్ పుంజు ఒకటి వచ్చినవాళ్లందరినీ తలెత్తి చూస్తూ, ఇందులో తనతో తలపడగలవాడెవడా అని ఎంచుకుంటోంది. మాంసమూ ఎముకలూ కూడా నల్లగా ఉండే కడక్‌నాథ్ కోడి దగ్గర జనం గుమిగూడారు. "కూర గూడా నల్లగానే ఉంటాదా?" అని ప్రతివాడూ అడుగుతున్నాడు. ఇంత అందం ఒక్కచోట చూసి ధనంజయకు గుండె నిండిపోయింది. ఆ తరవాత బుట్టలోకి చూసుకున్నాడు, నిండిన గుండె మళ్లీ ఖాళీ అయింది.

బల్ల దగ్గర పేర్లు రాసుకునే గుమస్తా తలెత్తాడు. "ధనంజయ, వైట్ లెగ్‌హార్న్ అని ఉండాది. ఇదెట్లప్పా వైటు?"

"అది వేరే. ఇది వేరే కోడి."

"ఏ ఊరిది?"

ధనంజయ నోటికి ఆ క్షణాన వచ్చిన ఊరు ఏర్పేడు. పొద్దుననుంచీ అతని మనసులో ఆ ఊరే ఉంది. అప్పటికే వరసగా పన్నెండు పంజరాలకు 'రోడ్ ఐలాండ్ రెడ్' అని చీటీలు రాసి ఉన్న గుమస్తా, మరో ఆలోచన లేకుండా 'ఏర్పేడు రెడ్' అని రాసి అంటించాడు.

న్యాయనిర్ణేత వరదయ్య మద్రాసు నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లు కోళ్లమీదే పరిశోధన చేసి రిటైరైన పెద్దమనిషి. ప్రతి పంజరం ముందూ అరనిమిషం నిలబడుతూ వచ్చినవాడు ధనంజయ పంజరం ముందు పది నిమిషాలు నిలబడ్డాడు.

"తురాయి లెగ్‌హార్న్‌ది. చెవితమ్మె లెగ్‌హార్న్‌ది. ఒళ్లు లెగ్‌హార్న్‌ది. రంగు మాత్రం నేనెక్కడా చూడలేదు," అన్నాడు. నిజం ఇంకొక్క అడుగు దూరంలో ఉందనగా పక్కసందులోకి తిరిగాడు. వంగి వాసన చూశాడు. "ఏమిటీ సువాసన?"

"వేపచెట్ల కింద తిరిగే కోడి సార్."

"అయితే పురుగు పట్టదు!" అని వరదయ్య నోటుబుక్కులో రాసుకున్నాడు. "ఇలాంటివి ఆ ఊళ్లో ఎన్ని ఉన్నాయి?"

ఒక్కటే ఉందంటే అది జాతి కాదు. అందుకని ధనంజయ, "ఏదో ఒకటీ అరా ఉండాయి సార్," అన్నాడు.

పక్క పంజరం దగ్గర మునిరామయ్య నిలబడి ఉన్నాడు. అతనూ ఏర్పేడు అల్లుడేనని ఎవరో చెప్పగా వరదయ్య అటు తిరిగాడు. "మీరు చూశారా ఈ జాతిని?"

మునిరామయ్యకు ఏర్పేడు ప్రతి దొడ్డీ తెలుసు. ఇలాంటి కోడిని పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కానీ చూడలేదంటే, మామ ఇంత అపురూపమైన కోడిని పెద్దల్లుడి కంట పడకుండా దాచి చిన్నల్లుడికి ఇచ్చాడని పదిమంది ముందూ ఒప్పుకున్నట్టే.

"సూడకేం సార్! మా మామ దొడ్లో గుంపులు గుంపులుగా ఉండాయి. ముందు నాకే ఇస్తానన్న్యాడు. నేనే వద్దంటి."

ధనంజయ తోడల్లుడి వైపు కృతజ్ఞతగా చూశాడు. మునిరామయ్య చూపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి పంజరం మీద మొదటి బహుమతి చీటీ పడింది. గూడూరు నుంచి వచ్చిన నిమ్మతోట ఆసామి ఒకాయన డజను గుడ్లు కావాలన్నాడు. ఇంకొకాయన గోవిందయ్య ఇంటి గుర్తులు రాసుకున్నాడు. ఆ సాయంత్రమే పుంజును తనతో మద్రాసు తీసుకుపోతాననీ, మర్నాడు మనిషిని ఏర్పేడుకు పంపుతాననీ వరదయ్య ప్రకటించాడు. ధనంజయ లెక్క వేరే. నాలుగింటికి షీల్డు ఇస్తారు, ఐదింటికి అమ్మకు గడువు. షీల్డు చేతికొచ్చాక కోడిని మద్రాసాయన తీసుకుపోయినా, గంగమ్మ తీసుకుపోయినా అతనికి అభ్యంతరం లేదు.

కుప్పమ్మ మూడున్నరకే వచ్చింది. కొడుకు మాట నమ్మి మొక్కును గాల్లో పెట్టే మనిషి కాదామె. చంకలో గంప, గంపలో పూలు, టెంకాయ, నిమ్మకాయలు, వాటి పక్కన కాళ్లు కట్టేసిన నాటుకోడి పెట్ట ఒకటి. పుంజును తీస్తే పంజరం బోసిపోతుందని నిర్వాహకులు గొడవపెడతారేమోనని, బదులుకు పెట్టను తెచ్చింది. పంజరంలోని రంగు చూసి ఒక్క క్షణం ఆగింది గానీ, తన పుంజును గుర్తుపట్టకుండా పోలేదు.

"నా పుంజును నాకియ్యండి నాయనా. ఈ పెట్టను పెట్టుకోండి."

"ఇది మీదా అమ్మా?" అన్నాడు వరదయ్య ఎంతో మర్యాదగా. "చాలా గొప్ప జాతి. ఇకమీదట మద్రాసులో ఉంటుంది."

"ఇకమీదట ఏముండాది సామీ? ఇంకాసేపటికి గంగమ్మ గుళ్లో కోసేస్తాము."

వరదయ్య చేతిలోని నోటుబుక్కు కిందపడింది. "కోసేస్తారా! శాస్త్రం కోసమైనా దీన్ని బతకనివ్వాలమ్మా!"

"నా బిడ్డకు కామెర్లొచ్చినప్పుడు మీ శాస్త్రం రాలేదు సామీ, గంగమ్మొచ్చింది. పొద్దున నా చేత్తో పసుపునీళ్లు పోసిన కోడి ఇది."

వరదయ్య ధనంజయ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇది పసుపా?"

చుట్టూ జనం. బల్లమీద షీల్డు. ధనంజయ షీల్డు వైపు చూశాడు, మునిరామయ్య వైపు చూశాడు. తల్లి వైపు చూడలేదు.

"మాయమ్మకు కండ్లు సరిగా అగపడవు సార్," అన్నాడు.

అన్న మరుక్షణమే అతనికి సిగ్గేసింది. కామెర్ల రోజుల్లో ఇరవై నాళ్లు మంచం పక్కనే కూర్చుని నేలఉసిరాకు నూరి పోసిన మనిషి ఆమె. మాట వెనక్కి తీసుకుందామనుకున్నాడు గానీ, ఎలా తీసుకోవాలో తెలియలేదు.

కుప్పమ్మ గంపలోంచి నిమ్మకాయ తీసి, పంటితో కొరికి, పంజరంలో చెయ్యి పెట్టి పుంజు రెక్కమీద పిండింది. బొటనవేలితో రెండుసార్లు రుద్దింది. ఎర్రటి రెక్క అందరి కళ్లముందే పచ్చబడింది.

"నీకు అగపడతా ఉండాదా నాయనా?" అని కొడుకును అడిగింది.

ధనంజయ తల వంచుకున్నాడు. వరదయ్య వంగి ఆ రెక్కను దగ్గరగా చూశాడు. తరవాత జేబురుమాలు తీసి, నీళ్లలో తడిపి పుంజును తుడిచి చూశాడు. రుమాలు పచ్చబడింది. ముప్పై ఏళ్లలో తానెప్పుడూ కోడిని తుడిచి చూడలేదన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టినట్టుంది. రుమాలు పిండుకుని పక్క పంజరం వైపు నడిచాడు.

మునిరామయ్య అడ్డం వచ్చాడు. "వద్దు సార్, ఇది పొడుస్తాది!"

పొడిచింది కూడా. అయినా వరదయ్య తుడిచాడు. రుమాలు నల్లబడింది, బూటుపాలిష్ వాసన వచ్చింది, మినార్కా రెక్కలో నాలుగు తెల్ల ఈకలు బయటపడ్డాయి. దాని పక్క పుంజు తురాయి ఎరుపు తిలకం. ఆ పక్క పెట్ట కాళ్ల పసుపు వంటింటి పసుపు. బహుమతి వరసలో నిలిపిన పదకొండు పంజరాలూ తుడిచేసరికి యజమానుల్లో సగంమంది షామియానా వెనకనుంచి ఇళ్లకు పోతున్నారు.

చివరికి వరదయ్య చూపు కుప్పమ్మ గంపలోని పెట్టమీద పడింది. మెడమీద ఒక్క ఈక లేకుండా, ఒళ్లంతా దుమ్ముతో ఉంది. ఎవరిదో కొత్త తువాలు అడిగి తీసుకుని దాన్ని నఖశిఖపర్యంతం తుడిచాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

"ఇది ఏ జాతి అమ్మా?"

"కోడి జాతి."

"గుడ్లు పెడుతుందా?"

"పెట్టకపోతే ఊరికే మేపుతామా సామీ?"

వరదయ్య ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు. పెట్ట రొమ్ము ఎముక తడిమాడు, కాళ్లు చూశాడు, రెక్క విప్పి చూశాడు. ఆ తరవాత మైకు దగ్గరికి పోయి, చిత్తూరు వాస్తవ్యురాలు కుప్పమ్మ గారి మెడబోసి నాటుకోడికి ప్రథమ బహుమతి ఇస్తున్నట్టు చెప్పాడు.

కుప్పమ్మ ఒక చంకలో షీల్డు, ఒక చంకలో పుంజు పెట్టుకుని గంగమ్మ గుడికి బయల్దేరింది. ధనంజయ పెట్ట ఉన్న గంప మోసుకుంటూ పది అడుగులు వెనక నడిచాడు. "తప్పయిందిమా," అని గుడి మలుపు దగ్గర అన్నాడు. "ముందు సూసి నడువు, టెంకాయ పడతాది," అంది కుప్పమ్మ. ఇంటికి పోయి పెళ్లానికి ఏం చెప్పాలో తోచని మునిరామయ్య కూడా వాళ్ల వెంటే వచ్చాడు. ఈ కబురు ఏర్పేడు చేరాక గోవిందయ్య ఇద్దరల్లుళ్ల ఊసూ ఎత్తడం మానేసి, వచ్చినవాళ్లందరికీ వియ్యపురాలి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం తోడల్లుళ్లిద్దరూ కుప్పమ్మ ఇంట్లో పక్కపక్కన కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకున్నారు. మునిరామయ్య ఒక ముక్క నమిలి చూశాడు. "ముక్క మెత్తగా ఉండాదబ్బా," అన్నాడు.

ఏర్పేడు రెడ్ జాతి భూమ్మీద అంతటితో అంతరించింది.