యజమాని కూడా హాజరు కావలెను

మొండి గుర్రాల శిక్షణాలయం గేటు మీద ఒక సోమవారం ఉదయం కొత్త ప్రకటన వెలిసింది. 'ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకమీదట శిక్షణకు గుర్రముతో పాటు యజమాని కూడా హాజరు కావలెను. బదులుగా వేరొకరిని పంపరాదు.' ఆ చివరి వాక్యం వారం తరవాత చేర్చింది. ఒక పెద్దమనిషి తన బదులు డ్రైవరును పంపితే, గుర్రం ఆ డ్రైవరు మాట చక్కగా విన్నది. పెద్దమనిషి ఆ మర్నాడే డ్రైవరును మానిపించారు.

ఈ నిబంధన వెనక ఉన్నది మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా గుర్రాల చెవులు చూసి వాటి మనసు చెప్పే శిక్షకుడాయన. కరుస్తూ వచ్చిన గుర్రం ఆయన చేతిలో నెల తిరక్కుండా గొర్రెపిల్లలా తయారయ్యేది. ఇంటికెళ్ళిన పదిహేను రోజులకు మళ్ళీ కరుస్తూ వచ్చేది. జబ్బు ఎక్కడుందో మాస్టారికి తెలుసు. కానీ ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ ఉన్నమాట యజమానుల ముఖం మీదే అనేసిన పాత శిక్షకుడు ఇప్పుడు కోళ్ళఫారంలో గుడ్లు ఏరుతున్నాడు. అందుకని మాస్టారు ఒక మర్యాద కనిపెట్టారు. యజమానిలో కనబడ్డ లోపాలన్నీ ప్రగతి పత్రంలో గుర్రం పేరు మీద రాసేవారు. యజమానులు తల పంకిస్తూ సంతోషంగా సంతకం పెట్టేవారు.

అలాంటి రోజుల్లో విధేయ వచ్చింది. నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లటి ఆడగుర్రం. ఆ పేరు యజమాని పెట్టినది, దాని అర్థం మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. యజమానిని ఊరంతా అధ్యక్షుల వారంటారు. ఆయన పదకొండు సంఘాలకు అధ్యక్షులు, అందులో మితభాషుల సంఘం ఒకటి. ఏదో ప్రారంభోత్సవంలో ఆయన గుర్రం మీద కూర్చునే నలభై నిమిషాలు ప్రసంగించారు. నలభై ఒకటో నిమిషంలో విధేయ ఆయన్ని పక్కనున్న పూలమడిలో దింపింది. సభికులు చప్పట్లు కొట్టారు. అవి ప్రసంగానికేనని ఆయన ఇప్పటికీ నమ్ముతున్నారు.

"మూడు నెలలు చూస్తాను మాస్టారూ," అన్నారు అధ్యక్షుల వారు. "అప్పటికీ దారికి రాకపోతే రాళ్ళ క్వారీ ఆయన అడుగుతున్నాడు, ఇచ్చేస్తా."

క్వారీకి వెళ్ళిన గుర్రాలను మాస్టారు చూసి ఉన్నారు. ఒక్కటీ రెండేళ్ళకు మించి బతకలేదు. విధేయ అప్పటికే ఆయన చొక్కా జేబులో మూతి పెట్టి ఏముందోనని వెతుకుతోంది. 

పరీక్ష చెప్పుకోవడానికి చాలా తేలిక. కంచె కట్టిన మైదానం మధ్యలో యజమాని నిలబడాలి. గుర్రాన్ని వదిలేస్తారు. పిలవకుండా, తాడు వెయ్యకుండా, అది తనంతట తానే ఆయన దగ్గరకు రావాలి. అప్పుడు ఎక్కి ఒక చుట్టు తిరగాలి. మొదటిరోజు అధ్యక్షుల వారు మైదానం మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ప్రియమైన విధేయా! నువ్వు ఒంటరిదానివి కావు. నీ వెనక నేనున్నాను. నీ ముందూ నేనే ఉన్నాను. ఇన్ని వైపులా నేనుండగా నువ్వు ఇంకో దిక్కు చూడవలసిన అవసరం ఏమొచ్చిందని సవినయంగా ప్రశ్నిస్తున్నాను."

విధేయ ఆయనకు తోక చూపించి గడ్డి మేసింది.

ఆ వారం ప్రగతి పత్రంలో మాస్టారు ఇలా రాశారు: 'విధేయ ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినదు. తన గొంతు తప్ప మరొకటి చెవికెక్కించుకోదు. చిన్నమాటకు పెద్దగా చిందులేస్తుంది. అద్దం కనిపిస్తే ఓ పట్టాన కదలదు.'

"మొదట్నుంచీ నేను మొత్తుకునేది ఇదే కదా," అన్నారు అధ్యక్షుల వారు. "మా ఇంట్లో ఎవరికీ బుర్రకెక్కదు."

వెనక బల్ల మీద ఆయన భార్య మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ రోజూ అలాగే వచ్చి కూర్చునేది. ప్రగతి పత్రం అందుకుని రెండుసార్లు చదివింది.

"బాగా కనిపెట్టారు మాస్టారూ," అంది.

విధేయకు ఓపిక నేర్పాలని, తమరు పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే చూసి నేర్చుకుంటుందని మాస్టారు విన్నవించారు. గుర్రం బాగు కోసం అధ్యక్షుల వారు ఆ త్యాగానికి ఒప్పుకున్నారు. మొదటి వారం నలభై సెకన్లు మౌనం పాటించారు. నెల తిరిగేసరికి అది నిమిషంన్నర అయింది. ఆ నిమిషంన్నరలోనూ "చూశారా, నేను మాట్లాడటం లేదు" అని రెండుసార్లు గుర్తుచేశారు. రెండో నెలాఖరుకు క్వారీ ఆయన ఒకసారి వచ్చి విధేయ పళ్ళు చూసి వెళ్ళాడు. ఆ రోజు మాస్టారికి అన్నం సయించలేదు.

పరీక్ష ఇంకా మూడు రోజులుందనగా అధ్యక్షుల వారి గొంతు పోయింది. అంతకుముందు రోజు ఆయనకు ఏడు సభలు. చేసేదిలేక మైదానం మధ్యలో ఊరికే నిలబడ్డారు. విధేయ మేత ఆపి తలెత్తింది. చెవులు ముందుకు పెట్టింది. ఈ మనిషి వేరే ఎవరోనన్న అనుమానంతో ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. అధ్యక్షుల వారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. గొంతు లేదు కాబట్టి ఆ నీళ్ళు ఎందుకొచ్చాయో ఎవరికీ వివరించలేకపోయారు. మాస్టారు అటు తిరిగి ముఖం తుడుచుకున్నారు.

పరీక్ష నాటికి గొంతు తిరిగొచ్చింది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ అధ్యక్షుల వారు పళ్ళు బిగించి తొమ్మిది నిమిషాలు నిలబడ్డారు. విధేయ వచ్చింది, ఎక్కించుకుంది, బుద్ధిగా ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చి దింపింది. పరీక్ష చూడటానికి వచ్చిన క్వారీ ఆయన లేచి, బట్టల దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు.

వెంటనే అక్కడే అభినందన సభ జరిగింది. అధ్యక్షత వహించినది అధ్యక్షుల వారే.

"మిత్రులారా! ఓర్పన్నది నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఎదుటివారి మనసెరిగి మెలగడంలో..." అని ఆయన అందుకోగానే పక్కనున్న విధేయ చెవులు వెనక్కి వెళ్ళాయి. ఆయన చూశారు. చూసి, జీవితంలో మొదటిసారి ఒక ప్రసంగాన్ని మధ్యలో ఆపేశారు.

"సరే తల్లీ, సరే. అయిపోయింది," అని దాని మెడ నిమిరారు. "నోరు లేని జీవం, మనమే అర్థం చేసుకోవాలి. నీళ్ళు తాగావా అమ్మా?"

"మీరూ కాసిని తాగండి, గొంతు మళ్ళీ పోతుంది," అని ఆయన భార్య సీసా అందించబోయింది.

"మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి నీ గోల," అన్నారు అధ్యక్షుల వారు.

జనం చెదిరాక ఆవిడ మాస్టారి బల్ల దగ్గరకు వచ్చింది.

"ఇక్కడ చేరడానికి ఏం రాయాలి మాస్టారూ?"

"ఇంకో గుర్రం కొన్నారా అమ్మా?"

"గుర్రం కాదు. నేను."

మాస్టారు ఫారం ఇచ్చారు. అందులో మూడే ప్రశ్నలు. కరచునా? తన్నునా? పడవేయునా? ఆవిడ నిజాయితీగా కరవదు, తన్నదు, పడవేయదు అని రాసింది. మాస్టారు ఫారం చూసి, నొచ్చుకుంటూ అడుగున ఉన్న నిబంధన మీద వేలు పెట్టారు. 'ఎవరినీ ఇబ్బంది పెట్టని జీవములకు ప్రవేశము లేదు.'

ఆవిడ ఆ వాక్యం నిదానంగా చదువుకుంది.

"ఈ మూడింట్లో ఏది తొందరగా వస్తుంది మాస్టారూ?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "తన్నడం అమ్మా. కానీ ముందు చెవులు వెనక్కి పెట్టి చూడాలి. చాలామందికి దాంతోనే పనైపోతుంది."

ఆవిడ కొత్త ఫారం ఒకటి అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఆ తరవాత శిక్షణాలయంలో ఫారాలు రెండుసార్లు అచ్చు వేయించవలసి వచ్చింది. తీసుకెళ్ళిన వారిలో చాలామందికి గుర్రాలు లేవు. ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళు, ఆఫీసుల్లో ఫైళ్ళు మోసేవాళ్ళు, ముసలి తండ్రులు, పెద్ద కోడళ్ళు. మీ ఇంట్లో ఏ డబ్బా అడుగునో నాలుగు మడతల కాగితం కనబడితే దాన్ని విప్పి చదవనక్కర్లేదు. ఎదురుగా ఉన్న మనిషి చెవుల వంక ఒకసారి చూడండి.